బీచ్ రోడ్డు పక్కన పెర్గోలా: కాంక్రీటా, ఇనుమా, అల్యూమినియమా, టేకా?

ఉప్పుగాలి (చర్చ మొదలుపెట్టినవారు)

మళ్ళీ మళ్ళీ అడిగే పని లేకుండా స్థలం వివరాలు ముందే రాస్తున్నాను. విశాఖలో భీమిలి వైపు, సముద్రపు ఒడ్డుకి 250 మీటర్లు. మధ్యలో కొండ గానీ సరుగుడు తోట గానీ అడ్డు లేదు. ఇంటికి తూర్పున ఖాళీ జాగా, ఇసుక కలిసిన ఎర్రమట్టి. కావలసింది 10 × 12 అడుగుల పెర్గోలా (కాళ్ళ మీద దూలాలు, వాటి మీద వరసగా వాసాలు పెట్టిన పందిరి), 9 అడుగుల ఎత్తు, నాలుగు కాళ్ళు. మూడు అంచనాలు చేతిలో ఉన్నాయి: 3 అంగుళాల మందంలో ఆర్‌సీసీ పలకలు, సైట్లోనే వెల్డింగ్ చేసే 2 అంగుళాల 'జీఐ' (జింకు పూసిన ఇనుము) చదరపు పైపు, చెక్క రంగు పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం. టేకు మాట ఎవరూ ఎత్తడం లేదు. 15 ఏళ్ళు నిలిచేది ఏది? పైన పాలీకార్బొనేట్ షీటు వేయాల్సిందేనని ఇంట్లో పట్టుదల.

మేస్త్రి లెక్క

ముందు ఆ 3 అంగుళాల పలకల అంచనా చింపేయండి. తీరం గాలికి బయటపడి ఉండే కాంక్రీటు ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) ప్రకారం 'సివియర్' తరగతి. రాడ్డు మీద కవరు, అంటే రాడ్డుని కప్పి ఉంచే కాంక్రీటు మందం, 45 మి.మీ. ఉండాలి. తుంపర నేరుగా పడే చోటైతే 50. మీ పలక మొత్తం మందమే 75. రెండు వైపులా కవరుకే 90 కావాలి. రాడ్డు ఇంకా పెట్టనే లేదు, అప్పుడే 15 మి.మీ. అప్పు పడ్డాం.

ఊరంతా ఇవే కనిపిస్తాయి కదా అంటారు. కనిపిస్తాయి. ఒకసారి కింద నిలబడి తలెత్తి చూడండి. పలక అడుగున పొడుగునా సన్నని పగులు, దాని వెంట గోధుమరంగు చార, చివర పెచ్చు ఊడి 8 మి.మీ. రాడ్డు బయటికి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కవరు లేచిపోతుంది. మీద పుట్టీ, టెక్స్చర్ పెయింటు పూస్తే రెండు వానాకాలాలు దాగుతుంది.

కాంక్రీటే కావాలంటే లెక్క ఇదీ: రెండు 12 మి.మీ. రాడ్లు, వాటి మధ్య 25, అటూ ఇటూ 8 మి.మీ. రింగు, రెండు కవర్లు. కలిపితే 155 మి.మీ. అంటే 160కి తగ్గని పలక. ఎం30 గ్రేడు కాంక్రీటు, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, ఘనపు మీటరుకి సిమెంటు 320 కిలోలకి తగ్గకూడదు. కవరుకి కంకర రాళ్ళు దూర్చడం కాదు, సిమెంటు కవర్ బ్లాకులే పెట్టించండి. ఒడ్డు దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించాలి. ఆర్‌సీసీ కలిపే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. క్యూరింగ్‌కీ మంచినీళ్ళే వాడాలి.

ఇంత చేశాక అది పెర్గోలాలా ఉండదు, బస్టాపులా ఉంటుంది. అది వేరే సంగతి.

జింకుపూత

మేస్త్రి గారితో పేచీ లేదు. రెండో అంచనాలో 'జీఐ' అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. షాపులో తళతళలాడే చదరపు పైపు ముందే జింకు పూసిన రేకుని మడిచి చేసింది. '120 గ్రాముల పూత' అంటే రెండు ముఖాలకీ కలిపి చదరపు మీటరుకి 120. ఒక్కో వైపు 60 గ్రాములు, మందంలో 8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పైచిలుకు, అంతే. ఒడ్డుకి ఇంత దగ్గరంటే, గాలి లోహాన్ని ఎంత తింటుందో తరగతులుగా చెప్పే ఐఎస్ఓ 9223 ప్రమాణంలోని సి5 తరగతి అనుకునే పని మొదలుపెట్టాలి. ఆ గాలిలో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు అరుగుతుంది. మిగతా లెక్క మీరే వేసుకోండి. దానికి తోడు సైట్లో వెల్డింగ్ చేస్తే అతుకు చుట్టూ జింకు తెల్లపొగై పోతుంది, పైన వెల్డర్ సిల్వర్ పెయింటు పూసి మూస్తాడు. తుప్పు మొదలయ్యేది సరిగ్గా ఆ బొట్టు కిందే.

పద్ధతిగా చేస్తే ఇనుమంత నమ్మకమైంది లేదు. నల్ల ఎంఎస్ (జింకు పూయని మామూలు స్టీలు) పైపు తీసుకోండి. మి.మీ.లలో కాళ్ళకి 100×100×4, దూలాలకి 100×50, వాసాలకి 60×40. 10 × 12కి మొత్తం 350 కిలోల చుట్టుపక్కల వస్తుంది. కోత, వెల్డింగ్, బోల్టు రంధ్రాలు అన్నీ షాపులోనే ముగించి, ఆ తర్వాత 450 డిగ్రీల కరిగిన జింకు తొట్టిలో ముంచించాలి, దీన్నే హాట్ డిప్ అంటారు. 3 నుంచి 6 మి.మీ. మందం ఇనుముకి సగటున 70 మైక్రాన్ల పూత పడుతుంది, పైపు లోపలి గోడకి కూడా. అదే లెక్కన 8 నుంచి 16 ఏళ్ళు. పైన ఎపాక్సీ ప్రైమరు, పాలీయురెథేన్ రంగు వేస్తే ఇంకా పెరుగుతుంది.

రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, ప్రతి పైపుకీ రెండు కొసల్లో, ఎదురెదురు మూలల్లో 10–12 మి.మీ. రంధ్రాలు ఉండాలి. మూసుకుపోయిన పైపులో చిక్కిన తడి తొట్టిలో ఆవిరై పైపుని పేల్చేస్తుంది. రెండు, కొత్త జింకు మీద మామూలు ఎనామెల్ నేరుగా వేయకూడదు. నూనె రంగు జింకుతో కలిసి సబ్బులా మారి పొరలు పొరలుగా లేస్తుంది. ముందు ఎచ్ ప్రైమరు (జింకుని పట్టుకునే తొలి పూత) పడాలి.

తేలికలోహం

350 కిలోల ఇనుముని తొట్టిలో ముంచడానికి లారీ కట్టించే బదులు అల్యూమినియం ఎందుకు కాదు? అదే కొలతకి బరువు మూడో వంతు. ఎర్రతుప్పు ఉండదు, పెచ్చు ఊడదు. 6063 మిశ్రమం, గోడ మందం 2.5–3 మి.మీ., పౌడర్ పూత 60–80 మైక్రాన్లు.

జింకుపూత

బరువుతో పాటు బిగువూ మూడో వంతే కదండీ. ఒకే కొలత పైపు 12 అడుగుల దూరానికి వేస్తే ఇనుము 5 మి.మీ. వంగే బరువుకి అల్యూమినియం 15 వంగుతుంది. లోతు పెంచకపోతే నడుము జారిన మంచంలా కనిపిస్తుంది.

తేలికలోహం

నిజమే, అందుకే దూలం 150 మి.మీ. లోతు పెట్టాలి. అంచనాలో అది రాసి ఉందో లేదో ఉప్పుగాలి గారు చూసుకోవాలి. మా వైపు లోపాలు నేనే చెబుతాను, వేరేవాళ్ళు చెప్పేదాకా ఎందుకు. పౌడర్ పూత చెడేది కోసిన కొసల దగ్గర, రంధ్రాల దగ్గర. ఉప్పుతడి పూత కిందికి దూరి సన్నని పురుగు పాకినట్టు గీతలు గీస్తుంది. కాబట్టి కోసి, రంధ్రాలు వేసి, ఆ తర్వాతే పూతకి పంపాలి. సైట్లో కోయక తప్పకపోతే కొసకి ఎపాక్సీ పూసి క్యాపు వేయాలి. పచ్చి సిమెంటులో అల్యూమినియం కాలు పాతకూడదు, సున్నపు క్షారం దాన్ని తినేస్తుంది. స్టీలు బోల్టు నేరుగా తగలకుండా నైలాన్ వాషరు, స్లీవు ఉండాలి.

బోల్టుల విషయంలో ఇంకొకటి. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం అని అమ్మేదాంట్లో 202 రకం చాలా కలుస్తుంది. 304 కూడా ఈ గాలికి టీ మరకల్లా గోధుమరంగు తిరుగుతుంది. కావలసింది 316. అందులో 2–3 శాతం మాలిబ్డినం ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూడటం దండగ, మూడూ దాదాపు ఒకేలా అతుక్కోవు. బ్యాటరీతో వాడే మాలిబ్డినం చుక్కల మందు దొరుకుతుంది, రంగు మారితే 316.

చేవకర్ర

ఉప్పు తినేది లోహాన్ని. చెక్కని కాదు. టేకుకి శత్రువులు ముగ్గురు: కాలి అడుగున నిలిచే నీరు, కొసల్లోంచి పీల్చుకునే నీరు, ఇనుప మేకు. మూడూ మన చేతిలోవే.

పరిమాణం చెబుతాను. 5×5 అంగుళాల కాళ్ళు నాలుగు, ఒక్కోటి 9 అడుగులు: 6¼ ఘనపుటడుగులు. 3×6 దూలాలు రెండు, 13 అడుగులు: 3¼. 2×5 వాసాలు తొమ్మిది, 11 అడుగులు: దాదాపు 7. మొత్తం 16½, తరుగుతో 19 ఘనపుటడుగులు కొనాలి. కొనేటప్పుడు కొస చూడండి. లేత చెట్టు దుంగలో చుట్టూ పాలిపోయిన తెల్లచెక్క వెడల్పుగా ఉంటుంది. చెదలు పట్టేదీ కుళ్ళేదీ అదే. చేవ ఉన్నదే తీసుకోవాలి.

కాలుని సిమెంటులో పాతడం మొదటి తప్పు. చుట్టూ సందులో నీరు చేరి నేల మట్టానికి రెండు అంగుళాల పైనా కిందా కుళ్ళుతుంది. పైన రాయిలా ఉంటుంది, కింద స్క్రూడ్రైవర్ దిగిపోతుంది. హాట్ డిప్ చేసిన ఇనుప చెప్పు మీద కాలు నిలపాలి, నేలకీ చెక్కకీ మధ్య 2 అంగుళాల గాలి ఉండాలి. వాసాల కొసలకి బిగించే ముందే ఎపాక్సీ రెండు పూతలు. వాసం పైఅంచు చదునుగా వదలకుండా కొద్దిగా వాటం ఇచ్చి చెక్కించాలి. ఇనుప మేకు కొడితే టేకులోని రసంతో కలిసి నల్లగా కారుతుంది, ఆ మరక పోదు. ఆరు నెలలకోసారి నూనె పూయకపోతే బూడిదరంగు తిరుగుతుంది, బలం మాత్రం తగ్గదు.

ఉప్పుగాలి

తాటి వాసాలు వేస్తే? ఇక్కడ సులువుగా దొరుకుతాయి.

చేవకర్ర

కప్పు కింద అయితే తాటికి సాటి లేదు. గట్టిదనమంతా బయటి వలయంలోనే ఉంటుంది, లోపల పీచు. వానకి తెరిచి పెడితే కొసలోంచి నీరు ఆ పీచులోకి దిగుతుంది. పెర్గోలాకి వద్దు.

మేస్త్రి లెక్క

అందరూ వస్తువు గురించే కొట్టుకుంటున్నారు, ఆ షీటు గురించి ఎవరూ అడగరేం? గాలి బరువులు చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కి.మీ. కాగితం మీది అంకె అనుకోకండి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాన్ని చూపించింది. ఒత్తిడి 0.6 × 50 × 50, అంటే చదరపు మీటరుకి 1,500 న్యూటన్లు, సుమారు 150 కిలోలు. మీ జాగా 11 చదరపు మీటర్ల పైచిలుకు. పైకి లాగే గుణకం 1 అని పెట్టుకున్నా, షీటు వేస్తే గాలి ఎత్తే బలం 1,670 కిలోలు. కాలుకి 420 వస్తుంది.

2 అడుగుల ఘనం కాంక్రీటు బరువు 540 కిలోలు. చాలినట్టే కనిపిస్తుంది, కానీ గాలి పక్కకీ తోస్తుంది, ఇసుక మట్టి పట్టు ఇవ్వదు. 2×2 గుంత 3 అడుగుల లోతు తీయండి, ఒక్కోటి 800 కిలోలు దాటుతుంది. నాలుగింటికీ 48 ఘనపుటడుగుల కాంక్రీటు, పది పదకొండు బస్తాల సిమెంటు. కాలికి 200×200×12 మి.మీ. ప్లేటు, నాలుగు ఎం16 (16 మి.మీ.) బోల్టులు పోత పోసేటప్పుడే నిలబెట్టాలి. ప్లేటు నేలకి 25 మి.మీ. పైన, కింద ముడుచుకోని గ్రౌటు, చుట్టూ బయటికి వాటం.

నా సలహా అయితే షీటే వద్దు. రాధామనోహరం తీగ ఎక్కించాలనుకున్నా ఇదే మాట. ఒత్తుగా అల్లుకున్న తీగ గాలికి షీటుతో సమానం, పైగా తడిని వదలదు.

తేలికలోహం

షీటు వద్దంటే నీడ ఎలా? కొక్కాలకి తగిలించే నీడ వల వేసి, తుపాను హెచ్చరిక రాగానే విప్పేస్తే సరిపోతుంది.

మేస్త్రి లెక్క

అక్టోబరు, నవంబరు నెలల్లో తీసి లోపల పెట్టేసేటట్టయితే ఒప్పుకుంటాను. హెచ్చరిక వచ్చిన రోజు నిచ్చెన ఎక్కే మనిషి దొరకడు. నీడ కోసం వాసాలనే సరిగా తిప్పండి. జాగా తూర్పున ఉంది కాబట్టి మధ్యాహ్నం దాటాక ఇంటి నీడే పడుతుంది, ఆపాల్సింది పొద్దుటి ఎండని. పలకలు ఉత్తర–దక్షిణంగా పెట్టి, లోతు 150, సందు 150 మి.మీ. ఇస్తే సూర్యుడు 45 డిగ్రీలు ఎక్కేదాకా, అంటే తొమ్మిది గంటల దాకా నేరుటెండ రాదు. మే రెండో వారంలో, ఆగస్టు మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఏ పలకా ఏమీ చేయలేదు.

ఉప్పుగాలి

అయితే కాళ్ళూ దూలాలూ హాట్ డిప్ ఇనుము, పైన పలకలు టేకు అంటే ఎలా ఉంటుంది? షీటు సంగతి ఇంట్లో నేను చూసుకుంటాను.

జింకుపూత

నాకు సమ్మతమే. ఒక్క షరతు. టేకు రసం తడిలో కొద్దిగా పులుపు, జింకుని తింటుంది. చెక్క ఆనే ప్రతిచోటా 3 మి.మీ. ఈపీడీఎం రబ్బరు పెట్టాలి. రెండు వారాలకోసారి మంచినీళ్ళ పైపుతో కడగాలి, ముఖ్యంగా దూలాల అడుగుభాగం. వాన తగిలే పైభాగం తనంతట తానే కడుక్కుంటుంది. అడుగున చేరిన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనే నీరు పీల్చి తడిగా ఉంటుంది. అందుకే తుప్పు ఎప్పుడూ చాటునే మొదలవుతుంది.

చేవకర్ర

రబ్బరు పూర్తి వెడల్పున పరిస్తే అదే నీళ్ళు పట్టి ఉంచుతుంది. బోల్టు చుట్టూ 2 అంగుళాల బిళ్ళ చాలు, మిగతా చోట గాలి ఆడనివ్వండి.

జింకుపూత

బిళ్ళ పెడితే రెండు బిళ్ళల మధ్య పలక వంగినప్పుడు ఇనుముకి తగులుతుంది.

చేవకర్ర

100×50 దూలాన్ని నిలువుగా పెడితే పలక ఆనేది 50 మి.మీ. మేరే, అందులో వంగడానికేముంది? మీరు చూడాల్సింది రంధ్రం. టేకు వానాకాలం ఉబ్బి వేసవిలో ముడుచుకుంటుంది. ఉబ్బేది వెడల్పుకే, పొడవుకి కాదు. కాబట్టి ఇనుప క్లీటులో (పలకని దూలానికి పట్టే ముక్కలో) పలక లోతు వెంబడి 10×16 మి.మీ. నిలువు గాడి తీయించి, 316 రకం ఎం8 బోల్టు వేయండి. ఆ గాడి తొట్టికి పంపే ముందే పడాలి. తర్వాత డ్రిల్ పెడితే 70 మైక్రాన్లూ అక్కడే పోతాయి.