పలెర్మోలో అసలైన సిసిలీ తిండి ఎక్కడ తినాలి?

అక్టోబర్‌లో అమ్మానాన్నలతో ఇటలీలోని సిసిలీ ద్వీపానికి, పలెర్మో ఊరికి వెళ్తున్నాను, బస మాస్సిమో థియేటర్ దగ్గర. టూరిస్టుల కోసం ఫొటోలతో మెనూ పెట్టే చోట్లు వద్దు, ఊళ్లోవాళ్లు తినే సిసిలీ తిండే కావాలి. అమ్మ శాకాహారి, అదీ అసలు టెన్షన్. బల్లారో, కాపో మార్కెట్లలో శనగపిండితో చేసి నూనెలో వేయించి, బన్నులో పెట్టి ఇచ్చే పనెల్లె ఆవిడకి హాయిగా సరిపోతాయి, వంకాయలతో పుల్లగా తియ్యగా చేసే కపొనాతా కూడా. కానీ స్ఫించోనే అనే మందపాటి పిజ్జాలాంటి రొట్టెలో ఆంకోవీ చేపలు వేస్తారు కదా, అవి లేకుండా ఎవరైనా చేసిస్తారా? పనెల్లె వేయించే నూనెలోనే చేపలు కూడా వేయిస్తారా?

నాన్నకీ నాకూ సార్డీన్ చేపలు, అడవి సోంపు ఆకు, కిస్‌మిస్ వేసిన పాస్తా తినాలని ఉంది. దూడ ప్లీహం పెట్టిన బన్ను మాత్రం మాకొద్దు, ఎంత ఫేమస్ అయినా సరే.

నాన్నకి మోకాళ్ల నొప్పి, నిలబడి తినలేరు, అందుకని మధ్యాహ్నం కూర్చుని తినేలా, మనిషికి 20-25 యూరోల్లో అయ్యే చిన్న కుటుంబ హోటల్ ఏదైనా తెలిస్తే పేరు, వీధి చెప్పండి. ముందే బుక్ చేసుకోవాలా, నేరుగా వెళ్తే చోటు దొరుకుతుందా?