పునరుద్ధరించిన టెర్మినల్‌లో కుర్చీలు ఖాళీగా ఉన్నా జనం ఎందుకు నిలబడుతున్నారు?

మేఘమాల (ప్రశ్న):
నేను తరచుగా ప్రయాణించే ఒక ప్రాంతీయ విమానాశ్రయపు టెర్మినల్‌ను ఈమధ్యనే పునరుద్ధరించారు. పైకప్పు ఎత్తు పెంచారు, పడమటి గోడను పూర్తిగా అద్దాలతో కట్టారు, పాత ప్లాస్టిక్ కుర్చీల స్థానంలో నల్లని మెత్తలున్న లోహపు కుర్చీలను అయిదేసి చొప్పున పొడవాటి వరుసలుగా బిగించారు. చూడటానికి ముచ్చటగానే ఉంది. అయితే విమానం ఎక్కే వేళకు చాలా కుర్చీలు ఖాళీగా ఉంటాయి. జనం మాత్రం గోడలకు ఆనుకుని నిలబడో, స్తంభాల మొదట్లో నేలమీద చతికిలబడో కనిపిస్తారు. సాయంత్రమైతే అద్దాల పక్క వరుసల వైపు ఎవరూ వెళ్లరు. ఇది ప్రయాణికుల అలవాటా, లేక అమరికలోనే లోపం ఉందా? ఈ రంగం తెలిసినవారు వివరించగలరు.

స్థపతి:
అమరికలోనే ఉందండీ. కుర్చీలు ఎన్ని వేయాలన్నది విమానంలోని సీట్లను బట్టి లెక్కగడతారు. ప్రాంతీయ మార్గాల్లో తిరిగే ఏటీఆర్ 72 విమానంలో సుమారు 70 మంది పడతారు కాబట్టి, వారిలో ఇంతమంది కూర్చుంటారు, ఇంతమంది నిలబడతారు అని అంచనా వేసి నేల వైశాల్యాన్ని పంచుతారు. కాగితం మీద ఈ లెక్క సరిపోతుంది. కానీ ఒంటరిగా వచ్చినవాడు అపరిచితుడి పక్కన కూర్చోవడానికి ఇష్టపడడు, పైగా తన సంచిని పక్క కుర్చీలో పెడతాడు. అయిదు కుర్చీల వరుసలో ఇద్దరు అపరిచితులు రెండో కుర్చీలో ఒకరు, నాలుగో కుర్చీలో ఒకరు కూర్చున్నారనుకోండి. మిగిలినవి మూడు ఖాళీ కుర్చీలే అయినా, కలిసి వచ్చిన దంపతులకు పక్కపక్కనే కూర్చునే చోటు లేదు. అందుకే రెండు, మూడు కుర్చీల చిన్న వరుసలను కలగలిపి, మధ్యలో సంచి పెట్టుకునేందుకు వీలైన చిన్న బల్లను బిగిస్తే, మొత్తం కుర్చీలు తగ్గినా కూర్చునేవారు పెరుగుతారు.

ఇటువంటి కుర్చీలకు మూలరూపాల్లో ఒకటి 1962 నాటిది. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు రూపొందించిన ఆ వరుస కుర్చీలను షికాగోలోని ఓహేర్, వాషింగ్టన్ సమీపంలోని డల్లెస్ విమానాశ్రయాల్లో వేశారు. కుర్చీలన్నీ ఒకే ఉక్కు దూలం మీద నిలుస్తాయి, కాళ్లు తక్కువ కాబట్టి కింద ఊడ్వడం సులువు. మెత్తలకు కుట్లు ఉండవు, వేడితో అతికిస్తారు. పాడైన మెత్తను మాత్రమే తీసి మరొకటి వేయవచ్చు. మన కాలపు పునరుద్ధరణల్లో చాలామంది ఆ నల్లని రూపాన్ని తెచ్చుకుంటున్నారు గానీ, మెత్త చిరిగితే రేపు ఎవరు మారుస్తారన్న ప్రశ్నను గుత్తేదారును అడగడం లేదు.

పడమటి అద్దాల సంగతి వేరు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా, దాదాపు కంటికి ఎదురుగా వస్తుంది కనుక పైనుంచి చూరు పొడిగించినా లాభం ఉండదు. బయట నిలువు పలకలు అమర్చాలి, లేదా అద్దం మీద చుక్కల ముద్రణ వేయించాలి.

గేటుదగ్గర:
నేను బోర్డింగ్ గేటు వద్ద పనిచేస్తాను, అందువల్ల ఇంకో కారణం చెబుతాను. జనం నిలబడేది కుర్చీ నచ్చక కాదు, పిలుపు వినబడదేమోనన్న భయంతో. గ్రానైట్ నేల, అద్దపు గోడలు, ఎత్తైన గట్టి పైకప్పు కలిస్తే మైకులో మేము చెప్పే మాట ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. విమానం నంబరు వినిపించినా గేటు నంబరు వినిపించదు. దానికి తోడు సగం కుర్చీలు విమానాల వివరాలు చూపే తెరకు వీపు చేసి ఉంటే, వాటిలో కూర్చున్నవారు నిమిషానికోసారి వెనక్కి తిరగాలి. వారు లేచి తెర ముందు చేరతారు, వారిని చూసి మిగిలినవారు వరుస మొదలైందనుకుని లేస్తారు. ఆ వరుస కుర్చీల మధ్య నడవలోకి పాకిందంటే, లోపల కూర్చున్నవారు బయటికి రాలేరు. పైకప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు వేయించమని ఏ పునరుద్ధరణలోనైనా ముందే అడగాలి, తరువాత వేయించడం ఖర్చుతో కూడిన పని.

ఊతకర్ర:
స్థపతి గారితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే కొందరు డిజైనర్లు మనుషులు పడుకోవడానికి వీలుగా ఆర్మ్‌రెస్టులన్నీ తీసేయాలంటారు, మరికొందరు పడుకోకుండా ప్రతి కుర్చీకీ బిగిస్తారు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఆర్మ్‌రెస్టు అలంకారం కాదు, లేవడానికి ఆధారం. కుర్చీ మరీ పల్లంగా, లోతుగా ఉంటే అదీ లేకుండా లేవడం అసాధ్యం. కాబట్టి రెండు రకాలూ ఉండాలి. వరుస చివర వీల్‌చైర్ నిలిపేందుకు ఖాళీ చోటు కూడా వదలాలి. అమెరికా ప్రమాణం ఇందుకు 760 × 1220 మిల్లీమీటర్ల స్థలాన్ని నిర్దేశిస్తుంది. లేకపోతే వీల్‌చైర్‌లో ఉన్న మనిషి నడవలో, తోడు వచ్చినవారు ఎక్కడో దూరాన ఉండాల్సి వస్తుంది.

మేఘమాల:
అందరికీ కృతజ్ఞతలు. నేలమీద కూర్చునేవారు స్తంభాల దగ్గరే ఎందుకు చేరుతున్నారో ఇప్పుడు చూస్తే తెలిసింది: ఛార్జింగ్ ప్లగ్గులు అక్కడ మాత్రమే ఉన్నాయి, కుర్చీలేమో వాటికి రెండు గజాల అవతల ఆగిపోయాయి. ఇప్పటికే బిగించినవాటిని పెద్ద ఖర్చు లేకుండా సరిచేయవచ్చా?

స్థపతి:
కొంతవరకు వీలవుతుంది. వరుసలను నేలకు బోల్టులతోనే బిగించి ఉంటే, వాటిని విప్పి తెరకు ఎదురుగా తిప్పవచ్చు, కొన్నింటిని స్తంభాల చుట్టూ చేర్చవచ్చు. కుర్చీల దూలం కిందే ప్లగ్గులు అమర్చే వీలు చాలా రకాల్లో ఉంటుంది. నేలలో వైరు గొట్టం ముందే వేశారో లేదో మాత్రం కనుక్కోవాలి. వేయకపోతే గ్రానైట్ కోయాలి, అప్పుడు స్తంభాల దగ్గరికి కుర్చీలను జరపడమే చవక.