యుబిక్విటిన్ స్మియర్ పెరిగింది, బీటా-5 యాక్టివిటీ తగ్గలేదు: ప్రోటియాసోమ్ ఆగినట్టా, ఆగనట్టా?

కణరసం

యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గొలుసుగా తగిలిన ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం ప్రోటియాసోమ్. హెలా కణాలకు (ల్యాబ్‌లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) మొక్క నుంచి వేరుచేసిన ఒక సమ్మేళనాన్ని 10 మైక్రోమోలార్ చొప్పున 6 గంటలు ఇస్తే, యుబిక్విటిన్‌ను గుర్తించే పీ4డీ1 యాంటీబాడీతో చేసిన బ్లాట్‌లో పైభాగమంతా యుబిక్విటిన్ స్మియర్ (గొలుసులు తగిలి మిగిలిపోయిన ప్రోటీన్ల మసక చార) ముదురుతోంది. ప్రోటియాసోమ్‌ను ఆపే ఎంజీ132 ఇచ్చిన లేన్‌కు ఏమాత్రం తీసిపోదు. మామూలుగా త్వరగా విరిగిపోయే పీ53 ప్రోటీన్ కూడా పేరుకుంటోంది. కానీ అవే లైసేట్లలో (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం), ప్రోటియాసోమ్‌లోని బీటా-5 సబ్‌యూనిట్ కోస్తే వెలిగే చిన్న పెప్టైడ్ సక్-ఎల్‌ఎల్‌వీవై-ఏఎంసీ వేసి చూస్తే ఫ్లోరసెన్స్ కంట్రోల్‌తో సమానంగా వస్తోంది. బీటా-5 పనిచేస్తున్నప్పుడు ప్రోటీన్లు ఎందుకు మిగిలిపోతున్నాయి? 26ఎస్‌లో (పూర్తి ప్రోటియాసోమ్) కోసేవి మూడు రకాలే కదా, మిగతా సబ్‌యూనిట్లలో ఏది ఆగినా ఇలాగే కనబడుతుందా? లైసిస్‌కు వాడింది రిపా బఫర్, అందులో మామూలు ప్రోటియేజ్ ఇన్హిబిటర్ కాక్‌టెయిల్. లైసేట్లను గడ్డకట్టించి దాచి, తర్వాత అస్సే చేశాం.

ఆల్ఫావలయం

ఈ అస్సే చివరి మెట్టును మాత్రమే చూస్తుందండీ. దానికి ముందున్న మెట్లలో ఎక్కడ ఆగినా స్మియర్ పెరుగుతుంది, ఎల్‌ఎల్‌వీవై రీడింగ్ మాత్రం కదలదు. లోపల ఏ ప్రోటీన్ దేన్ని పట్టుకుంటుందో వరుసగా చూస్తే ఇది తేలిపోతుంది.

ప్రోటియాసోమ్ కోర్ అయిన 20ఎస్ అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన నాలుగు వలయాలు. ఒక్కో వలయంలో 7 సబ్‌యూనిట్లు, మొత్తం 28. కోత లోపలి రెండు బీటా వలయాల్లో జరుగుతుంది. బీటా-1, బీటా-2, బీటా-5లలో మొదటి అమైనో ఆమ్లమైన థ్రియోనినే కత్తి. బయటి ఆల్ఫా వలయాల తోకలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ద్వారాన్ని మూసి ఉంచుతాయి. పూర్తిగా తెరుచుకున్నా ఆ దారి వెడల్పు సుమారు 1.3 నానోమీటర్లే. మడతపడిన ప్రోటీన్ అందులో పట్టదు. నాలుగు అమైనో ఆమ్లాల ఎల్‌ఎల్‌వీవై మాత్రం సులువుగా జారిపోతుంది. దానికి యుబిక్విటిన్ అక్కర్లేదు, మడత విప్పేవాళ్లూ అక్కర్లేదు.

ఆ ద్వారం తెరవడం, మడత విప్పడం 20ఎస్ మీద కూర్చునే 19ఎస్ టోపీ పనులు. దాని అడుగున, ఏటీపీని శక్తిగా వాడుకునే ఆరు ఏటీపేజ్‌లు ఆర్‌పీటీ1, 2, 6, 3, 4, 5 అనే వరుసలో వలయం కడతాయి. వీటిలో ఆర్‌పీటీ2, 3, 5 తోకల చివర ఒక జలవికర్షక అమైనో ఆమ్లం, దాని పక్కన టైరోసిన్, ఆ తర్వాత ఇంకొకటి ఉంటాయి. ఆ తోకలు ఆల్ఫా సబ్‌యూనిట్ల మధ్య గుంటల్లో దిగినప్పుడే ద్వారం తెరుచుకుంటుంది. ఏటీపీ అందకపోతే ఈ పట్టు సడలి, టోపీ ఊడిపోతుంది.

టోపీలో ఆర్‌పీఎన్1, ఆర్‌పీఎన్10, ఆర్‌పీఎన్13 యుబిక్విటిన్ గొలుసును పట్టుకుంటాయి. కానీ పట్టుకున్నంత మాత్రాన పని మొదలవదు. లక్ష్య ప్రోటీన్‌లో మడతలేని భాగం సుమారు 20 నుంచి 30 అమైనో ఆమ్లాల మేర ఉండాలి. సూదిలోకి దారం ఎక్కించడానికి ముందు కొస దొరకాలి, అంతే. ఆ కొసను ఏటీపేజ్ రంధ్రంలోని టైరోసిన్ ఉన్న మెలికలు పట్టి కిందికి లాగుతాయి. అది తగులుకోగానే టోపీ మొత్తం ఆకారం మారి, అంతవరకూ ఓ పక్కకు ఉన్న ఆర్‌పీఎన్11 సరిగ్గా రంధ్రం పైకి వస్తుంది. ప్రోటీన్ కిందికి లాగబడుతూ ఉండగానే యుబిక్విటిన్ గొలుసును మొదలంటా కోసేది ఇదే. ఈ వరుస చాలా ముఖ్యం. ఆర్‌పీఎన్11 ముందే కోస్తే ప్రోటీన్ జారి బయటపడుతుంది. అసలు కోయకపోతే గొలుసు రంధ్రం దగ్గర అడ్డుపడి మొత్తం ఇరుక్కుంటుంది. లోపలికి వెళ్లింది 3 నుంచి 25 అమైనో ఆమ్లాల ముక్కలుగా బయటికొస్తుంది. మిగతా పని సైటోసోల్‌లోని పెప్టిడేజ్‌లది.

అంటే గొలుసును గుర్తించడం, ఆర్‌పీఎన్11, ఏటీపేజ్‌లు, ఇవి కాక వీటికన్నా ముందు ప్రోటీన్ల మడత విప్పే పీ97, ఇన్ని చోట్ల పని ఆగే వీలుంది. ఎల్‌ఎల్‌వీవై వీటిలో చాలావాటిని చూడలేదు. కాబట్టి "ప్రోటియాసోమ్ బాగానే ఉంది" అని ఇప్పుడే రాసుకోవద్దు.

బఫర్‌బాబు

పైన చెప్పినదంతా సరైనదే. కానీ అంత దూరం వెళ్లకముందు అస్సేనే సరిచూడాలి. ఈ పద్ధతిలో వచ్చిన రీడింగ్‌ను నేనైతే నమ్మను.

రిపాలో సాధారణంగా బలమైన డిటర్జెంట్ అయిన 0.1 శాతం ఎస్‌డీఎస్ ఉంటుంది. ఆ గాఢతలో 26ఎస్ విడిపోతుంది. తర్వాత ప్లేట్‌లో పలుచబడ్డాక మిగిలే కొద్దిపాటి ఎస్‌డీఎస్, విడిపోయిన 20ఎస్ ద్వారాన్ని తెరవగలదు. 20ఎస్‌ను ఉత్తేజపరచడానికి కావాలని వాడేదే 0.02 శాతం చుట్టుపక్కల. అంటే కణంలో టోపీ పాడైనా ప్లేట్‌లో యాక్టివిటీ కనబడొచ్చు. కాక్‌టెయిల్‌లో లూపెప్టిన్ ఉంటే అది బీటా-2ను ఆపుతుంది. ఈడీటీఏ ఉంటే మెగ్నీషియాన్ని లాగేసుకుని ఏటీపీని పనికిరాకుండా చేస్తుంది. గడ్డకట్టించి కరిగించడం కూడా 26ఎస్‌ను విడగొడుతుంది.

బఫర్ ఇలా ఉండనివ్వండి: ట్రిస్ 50 మిల్లీమోలార్, పీహెచ్ 7.5, మెగ్నీషియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్, ఏటీపీ 2 మిల్లీమోలార్, డీటీటీ 1 మిల్లీమోలార్, గ్లిసరాల్ 10 శాతం. డిటర్జెంట్ కావాలంటే తక్కువ మోతాదులో డిజిటోనిన్. ఏటీపీ, డీటీటీ అప్పటికప్పుడు కలపాలి. మంచు మీద లైసిస్ చేసి, 4 డిగ్రీల దగ్గర తిప్పి, అదే రోజు అస్సే పెట్టాలి. నల్ల ప్లేట్, బావికి 10 నుంచి 20 మైక్రోగ్రాముల ప్రోటీన్, సబ్‌స్ట్రేట్ 100 మైక్రోమోలార్, 37 డిగ్రీలు, 380 ఉత్తేజం, 460 ఉద్గారం. గంట తర్వాత ఒక్క రీడింగ్ తీసుకోకుండా రెండేసి నిమిషాలకు చదివి వాలు లెక్కకట్టండి.

ఎల్‌ఎల్‌వీవైని కాల్పెయిన్ అనే వేరే ప్రోటియేజ్ కూడా కోస్తుంది. అందుకే ప్రతి నమూనాకూ, ప్రోటియాసోమ్‌నే ఆపే ఎపాక్సోమైసిన్ 1 మైక్రోమోలార్ వేసిన జంట బావి తప్పనిసరి. ఆ రెండింటి తేడానే ప్రోటియాసోమ్ వాటా. ఇక్కడ ఎంజీ132 పనికిరాదు, అది కాల్పెయిన్‌నూ కెథెప్సిన్లనూ కూడా ఆపుతుంది.

ఇంకొకటి. సమ్మేళనం బీటా-5కు తిరిగి ఊడిపోయేలా అతుక్కునేదైతే, కణంలో ఆపుతూనే, లైసేట్‌గా పలుచబడగానే వదిలేస్తుంది. ఇది తేల్చాలంటే కంట్రోల్ లైసేట్‌కు నేరుగా సమ్మేళనాన్ని కలిపి 30 నిమిషాలు ఉంచి చదవండి. అప్పుడు తగ్గితే మొదటి అనుమానం కోర్ మీదే.

కణరసం

ఇద్దరికీ ధన్యవాదాలండీ. బఫర్ మార్చి మళ్లీ పెడతాం. అప్పటికీ యాక్టివిటీ తగ్గకపోతే, ఆగింది 19ఎస్‌లోనా, పీ97 దగ్గరా అని ఎలా విడదీయాలి? నేటివ్ జెల్ చాలా?

ఆల్ఫావలయం

నేటివ్ జెల్ చెప్పేది టోపీ ఊడిందా లేదా అన్నది మాత్రమే. 4 శాతం జెల్, బఫర్‌లో ఏటీపీ, మెగ్నీషియం, చల్లని గదిలో నడిపి, జెల్‌ను ఎల్‌ఎల్‌వీవై ద్రావణంలో ముంచి యూవీ కింద చూస్తే రెండు టోపీల రూపం పైన, ఒక టోపీ రూపం దాని కింద వెలుగుతాయి. 20ఎస్ పట్టీ 0.02 శాతం ఎస్‌డీఎస్ కలిపాకే బాగా కనబడుతుంది. పై పట్టీలు తగ్గి 20ఎస్ పెరిగితే కూర్పు చెడినట్టు. కూర్పు చెడకుండానే ఆర్‌పీఎన్11 ఆగితే మాత్రం జెల్ మామూలుగానే ఉంటుంది.

విడదీయడానికి రెండు రిపోర్టర్లు (విరగకుండా పేరుకుంటే మెరిసి కనబడే ప్రోటీన్లు) కావాలి. ఒకటి యుబిక్విటిన్-జీ76వీ-జీఎఫ్‌పీ. ఇది గట్టిగా మడతపడి ఉంటుంది, కొస దొరకదు. పీ97 ముందు దాన్ని విప్పితేనే ప్రోటియాసోమ్‌కు అందుతుంది. రెండోది ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ చివరి 37 అమైనో ఆమ్లాల తోక తగిలించిన జీఎఫ్‌పీ. దీనికి యుబిక్విటిన్ అక్కర్లేదు, కొస దానికే ఉంది. రెండూ పేరుకుంటే ఏటీపేజ్ వలయాన్నో కోర్‌నో అనుమానించాలి. మొదటిది పేరుకుని రెండోది మామూలుగా పోతుంటే గొలుసును తీసే చోటో పీ97 దగ్గరో ఆగింది. అప్పుడు మొదటి రిపోర్టర్‌కే మడతలేని చిన్న తోక తగిలించి చూడండి. తోకతో మళ్లీ విరిగిపోతుంటే అడ్డు పీ97ది. పోలికకు, తెలిసిన నిరోధకాల్లో ఎన్‌ఎంఎస్-873 పీ97 వైపు, క్యాప్‌జిమిన్ ఆర్‌పీఎన్11 వైపు, బోర్టెజోమిబ్ బీటా-5 వైపు పెట్టుకోండి.

ఇలాంటి గందరగోళానికి ముందే ఒక ఉదాహరణ ఉంది. మద్యం మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ శరీరంలో మారి రాగితో కలిస్తే స్మియర్ అచ్చం ప్రోటియాసోమ్ ఆగినట్టే పెరుగుతుంది. 2017లో తేలింది ఏమిటంటే, ఆ రాగి సంకీర్ణం ముద్దకట్టిస్తున్నది పీ97కు తోడుండే ఎన్‌పీఎల్4ను. ప్రోటియాసోమ్ చక్కగానే ఉంది.

బఫర్‌బాబు

మొక్క సమ్మేళనం అంటున్నారు కాబట్టి అందులో ఆల్ఫా-బీటా అసంతృప్త కీటోన్ ఉందేమో చూడండి. అది సిస్టీన్లకు అతుక్కుంటుంది. టోపీకి తోడుగా ఉండి యుబిక్విటిన్‌ను కోసే డీయుబిక్విటినేజ్‌లు యూఎస్‌పీ14, యూసీహెచ్‌ఎల్5 రెండూ సిస్టీన్‌తో పనిచేసేవే. బీ-ఏపీ15 అనే సమ్మేళనం ఆ రెండింటినీ ఆపేదిగానే గుర్తింపు పొందింది. దానిలోనూ స్మియర్ పెరుగుతుంది, 20ఎస్ యాక్టివిటీ తగ్గదు. అయితే యూఎస్‌పీ14 ఒక్కదాని కోత ఆగినందుకు ఇంత స్మియర్ రాదు, కొన్ని ప్రోటీన్లు ఇంకా వేగంగానే విరుగుతాయి. ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌తో ప్రభావం పోయిందని ఆక్సీకరణ ఒత్తిడి అని తేల్చేయకండి, అది సమ్మేళనానికే నేరుగా అతుక్కుని ఉండొచ్చు.

బ్లాట్ కోసం వేరే లైసేట్ తీయండి. అందులో ఎన్-ఇథైల్ మెలిమైడ్ 10 నుంచి 20 మిల్లీమోలార్ వేయాలి, లేకపోతే డీయుబిక్విటినేజ్‌లు లైసిస్ సమయంలోనే గొలుసులను కోసేస్తాయి. ఆ బఫర్‌లో డీటీటీ ఉండకూడదు, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పీ4డీ1 విడి యుబిక్విటిన్‌నూ చూస్తుంది కనుక 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ మెంబ్రేన్‌తో 8.5 కిలోడాల్టన్ల పట్టీ తగ్గిందేమో చూడండి. గొలుసులు మాత్రమే కావాలంటే ఎఫ్‌కే1 యాంటీబాడీ వాడండి.

పీ53 పెరుగుదలకు ఇప్పుడే విలువ ఇవ్వొద్దు. ప్రోటియాసోమ్ ఆగకుండానే వేరే కారణాలతోనూ అది పెరగొచ్చు; పైగా హెలాలో దాన్ని ప్రధానంగా విరగ్గొట్టించేది హెచ్‌పీవీ వైరస్ ఈ6 ప్రోటీన్. కొత్త ప్రోటీన్ల తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు ఇచ్చి 0, 20, 40, 60 నిమిషాలకు నమూనాలు తీసి, త్వరగా విరిగే మరో ప్రోటీన్ సీ-మిక్‌ను కూడా పక్కన పెట్టి చూడండి.