మా పెరటి వెనక అఫర్డబుల్ రెంటల్ టౌన్‌హోమ్స్: ప్లానింగ్ బోర్డు హియరింగ్‌లో ఏం అడగాలి?

వాగుపక్క_ఇల్లు:

అందరికీ నమస్కారం. మేముండేది న్యూజెర్సీ మిడిల్‌సెక్స్ కౌంటీలో. మా పెరటి కంచె అవతల పాత నర్సరీ స్థలం ఉంది. మొక్కలు, డిసెంబర్లో క్రిస్మస్ చెట్లు అమ్మేవారు. మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడక్కడ 60 టౌన్‌హోమ్స్ కడతామని ఒక నాన్‌ప్రాఫిట్ సంస్థ మా టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డుకి అప్లికేషన్ పెట్టింది. అన్నీ అద్దెకే, అన్నీ ఆదాయ పరిమితి ఉన్న కుటుంబాలకే. సింగిల్ బెడ్‌రూమ్‌వి 10, డబుల్‌వి 32, మూడు బెడ్‌రూమ్‌లవి 18. మా ఇల్లు 200 అడుగుల లోపే కాబట్టి సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు వచ్చింది. అందులో హియరింగ్ తేదీ, ఫైలు ఎక్కడ చూడొచ్చో అర్థమయ్యాయి. మిగతాదంతా సెక్షన్ నంబర్లే.

నోటీసు వచ్చిన సాయంత్రం నుంచీ మా కాలనీ వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. ఇళ్ళ రేట్లు పడిపోతాయని ఒకరు, స్కూల్ రేటింగ్ పోతుందని ఒకరు, ఎలాంటివాళ్ళు వస్తారో ఏమోనని ఇంకొకరు. పిటిషన్ కూడా తయారైపోయింది. ఆ చివరి మాట అన్నవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువమంది ఉండటం చూసి మనసు చివుక్కుమంది. మా అత్తగారిని చూసుకోవడానికి వచ్చే ఆవిడ ట్రెంటన్ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. మంచు పడ్డ రోజున కూడా టైముకి తలుపు దగ్గర ఉంటుంది. అత్తగారికి స్నానం చేయించి, జడ వేసి, మాత్రలు వేసి, సాయంత్రం మళ్ళీ ఆ రెండు బస్సులూ పట్టుకుని వెళ్తుంది. అలాంటి మనిషి మన ఊళ్ళో పని చెయ్యొచ్చు గానీ కాపురం ఉండకూడదని రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టలేను. పెట్టలేదు.

అలాగని నాకు భయాలు లేవని కాదు. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపానుకి ఆ నర్సరీ వైపు నుంచే నీళ్ళు మా పెరట్లోకి పొర్లుకొచ్చాయి. కరెంటు పోయింది, సంప్ పంపు ఆగిపోయింది, బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ సగానికి మునిగింది. ఇప్పుడా మట్టి నేలంతా తారు రోడ్లూ ఇళ్ళ కప్పులూ అయితే ఆ నీళ్ళు ఎటు పోతాయి? ఇంకా పార్కింగ్ సంగతి ఉంది, మా వీధి అసలే ఇరుకు. ఆ రోడ్డుకి సైడ్‌వాక్ కూడా లేదు.

హియరింగ్‌కి వెళ్ళి అడగాలని గట్టిగా ఉంది. కానీ "వాళ్ళని రానివ్వద్దు" అనే గుంపులో నన్ను కలిపెయ్యకుండా నా నీళ్ళ గోడు ఎలా చెప్పుకోవాలి? ఇలాంటివాటికి వెళ్ళినవాళ్ళు దయచేసి చెప్పండి.

గోదావరి_సివిల్:

నేను సైట్ ఇంజనీరింగ్‌లో ఉన్నానండి. కొన్నిసార్లు బిల్డర్ తరఫున డ్రాయింగులు గీస్తాను, కొన్నిసార్లు టౌన్ తరఫున వేరేవాళ్ళ డ్రాయింగులు రివ్యూ చేస్తాను. మీరు అడిగిన పద్ధతి బాగుంది, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు నోటీసులో "యూజ్ వేరియెన్స్" అని ఎక్కడైనా ఉందేమో చూడండి. జోనింగ్ అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే టౌన్ రూల్స్. అవి ఒప్పుకోని వాడకానికి అడిగే మినహాయింపే యూజ్ వేరియెన్స్, అలాంటివి జోనింగ్ బోర్డుకి వెళ్తాయి. మీది ప్లానింగ్ బోర్డులోనే ఉందంటే ఆ స్థలంలో టౌన్‌హోమ్స్‌కి జోనింగ్ ఇప్పటికే ఒప్పుకుందని దాదాపు అనుకోవచ్చు. 2024లో వచ్చిన రాష్ట్ర చట్టం కింద, తమ వంతు అఫర్డబుల్ ఇళ్ళకి చోటు చూపించే హౌసింగ్ ప్లాన్ ఫైల్ చెయ్యడానికి టౌన్‌షిప్‌లకి గడువు 2025 జూన్ 30, దానికి తగ్గ జోనింగ్ మార్పులకి 2026 మార్చి 15. మీ టౌన్ వెబ్‌సైట్‌లో "హౌసింగ్ ఎలిమెంట్" అని వెతికితే ఆ నర్సరీ బ్లాక్, లాట్ నంబర్లు అందులో కనిపించొచ్చు.

అలా ఉంటే, అక్కడ ఎవరుంటారు, వాళ్ళ జీతమెంత, పిల్లలెంతమంది అన్నది బోర్డు ముందున్న ప్రశ్నే కాదు. స్కూల్లో పిల్లలు పెరుగుతారని అప్లికేషన్ తిప్పికొట్టే అధికారం బోర్డుకి లేదు. ట్రాఫిక్ కూడా అంతే. 1984లో నార్త్ బ్రన్స్‌విక్ ప్లానింగ్ బోర్డు మీద డంకిన్ డోనట్స్ వాళ్ళు వేసిన కేసులో అప్పీల్ కోర్టు ఇదే తేల్చింది. జోనింగ్ ఒప్పుకున్నచోట బయటి రోడ్డు మీద రద్దీ పెరుగుతుందని కాదనడానికి వీల్లేదు. సైటులోకి వచ్చే దారి, పోయే దారి సురక్షితంగా ఉన్నాయా లేదా అన్నది మాత్రం చూడొచ్చు, మార్చమనొచ్చు. మీ గ్రూపులో వాళ్ళు మూడు గంటలు ఇళ్ళ రేట్ల గురించి మాట్లాడినా బోర్డు అటార్నీ అది పక్కన పెట్టమనే చెప్తాడు.

నీళ్ళ సంగతి అలా కాదు. అది పూర్తిగా బోర్డు పరిధిలోదే. హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు నుంచి ఫైలు జనానికి అందుబాటులో ఉండాలి. మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి "స్టార్మ్‌వాటర్ మేనేజ్‌మెంట్ రిపోర్ట్" అడగండి. లావుగా ఉంటుంది, బెదిరిపోవద్దు. అందులో 2 ఏళ్ళ వాన, 10 ఏళ్ళ వాన, 100 ఏళ్ళ వాన అని మూడు లెక్కలుంటాయి, అంటే సగటున అన్నేళ్ళకి ఒకసారి పడేంత పెద్ద వాన అన్నమాట. సాధారణంగా పాటించే పద్ధతి ప్రకారం, కట్టిన తర్వాత సైటులోంచి బయటికి పోయే నీటి ఉధృతి ఇప్పుడున్నదానిలో 2 ఏళ్ళ వానకి 50 శాతం, 10 ఏళ్ళదానికి 75, 100 ఏళ్ళదానికి 80 శాతం దాటకూడదు. అంటే రూల్ ప్రకారం కడితే సైటులోంచి నీళ్ళు ఇప్పటికంటే తక్కువ ఉధృతితో రావాలి. 2023 జూలైలో మార్చిన రూల్స్ ప్రకారం ముందుముందు పెరగబోయే వానలకి కూడా లెక్క కట్టాలి. వాళ్ళు వాడినవి కొత్త వాన లెక్కలేనా అని అడగండి.

ఆ రిపోర్టులో నేనైతే ముందుగా తిప్పే పేజీ టెస్ట్ పిట్స్‌ది. వాన నీరు నిలిపి ఇంకించే బేసిన్ తవ్వబోయేచోట గుంతలు తీసి, ఏడాదిలో భూగర్భజలం ఎంత పైకి వస్తుందో రాస్తారు. బేసిన్ అడుక్కీ ఆ నీటిమట్టానికీ మధ్య ఎడం చాలకపోతే నీరు ఇంకదు, బేసిన్ చెరువైపోతుంది. గుంతలు సరిగ్గా బేసిన్ ఉన్నచోటే తీశారా, పక్కనెక్కడో తీశారా అన్నది మ్యాప్ మీద వేలు పెట్టి చూడండి. ఐడా రాత్రి తీసిన ఫోటోలు ఉంటే ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. ఎక్కడి నుంచి తీశారో, ఎప్పుడు తీశారో మీరే ప్రమాణం చేసి చెప్తే ఎగ్జిబిట్‌గా, అంటే సాక్ష్యం కింద, తీసుకుంటారు.

పార్కింగ్ లెక్క రాష్ట్రమంతా ఒక్కటే. టౌన్‌హౌస్‌కి సింగిల్ బెడ్‌రూమ్ అయితే 1.8, డబుల్ అయితే 2.3, మూడయితే 2.4. మీరిచ్చిన అంకెలతో 18 + 73.6 + 43.2, మొత్తం 134.8. అంటే 135 కార్లకి చోటు ఉండాలి. ప్లాన్‌లో తక్కువుంటే అడగండి, సరిపోతే ఆ విషయం వదిలెయ్యండి.

హియరింగ్ ఎలా నడుస్తుందంటే, వాళ్ళ ఇంజనీరు, ఆర్కిటెక్టు, ట్రాఫిక్ ఎక్స్‌పర్టు, ప్లానరు ఒక్కొక్కరే ప్రమాణం చేసి చెప్తారు. ఒక్కో సాక్షి అయ్యాక చైర్‌పర్సన్ జనాన్ని పిలుస్తారు. అప్పుడు ఆ సాక్షి చెప్పినదాని మీద ప్రశ్నలే అడగాలి. ఉపన్యాసం మొదలుపెడితే కూర్చోమంటారు. మీ అభిప్రాయం చెప్పుకునే వంతు చివర్లో వస్తుంది. మనవాళ్ళు చాలామంది తడబడేది ఇక్కడే. ఆవేశంగా లేచి ఇంజనీరుని ఇళ్ళ రేట్ల గురించి నిలదీస్తారు, మైకు పోతుంది, నీళ్ళ గురించి అడిగే అవకాశం కూడా దానితోపాటే పోతుంది. పిటిషన్ని కూడా సాధారణంగా సాక్ష్యంగా తీసుకోరు, సంతకం పెట్టినవాళ్ళని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యడం కుదరదు కాబట్టి. బోర్డు మెంబర్లకి విడిగా ఈమెయిల్ పెట్టొద్దు, దుకాణంలో కనిపించినా ఈ ఊసు ఎత్తొద్దు. ఏదైనా అందరి ముందు, రికార్డులోనే చెప్పాలి.

నాలుగు_క్వార్టర్లు:

నాది వేరే అభిప్రాయం, చెప్పనివ్వండి. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్, ప్రతి క్వార్టరూ ప్రాపర్టీ టాక్స్ కట్టేటప్పుడు గుండె గుభేలుమంటుంది. ఇలాంటి ప్రాజెక్టులకి మామూలు పన్ను బదులు పైలట్ అని ఒక ఒప్పందం ఇస్తారు. ఆ డబ్బులో స్కూల్ డిస్ట్రిక్టుకి నేరుగా వాటా రాదు. పిల్లలు మాత్రం స్కూలుకి వస్తారు. ఆ తేడా ఎవరు కట్టాలి? పేదవాళ్ళ మీద నాకు ద్వేషం లేదు. మా నాన్న చిలకలూరిపేటలో అద్దె ఇంట్లోనే మమ్మల్ని పెంచాడు. కానీ ఈ ప్రశ్న అడిగితే చాలు, చెడ్డవాడినన్నట్టు చూస్తున్నారు.

గోదావరి_సివిల్:

మీ ప్రశ్న న్యాయమైనదేనండి, వేదికే వేరు. పైలట్ ఇచ్చేది ప్లానింగ్ బోర్డు కాదు, టౌన్‌షిప్ కౌన్సిల్. ఆ తీర్మానం అజెండాలో వచ్చినప్పుడు వెళ్ళి, పైలట్ సొమ్ములోంచి స్కూళ్ళకి ఎంత ఇస్తారో ఒప్పందంలో రాయమని అడగండి. అలా పంచుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. ఈ హియరింగ్‌లో అడిగితే మాత్రం జవాబు రాదు.

బర్లింగ్టన్_వాసి:

మేముండేది న్యూజెర్సీలోనే, బర్లింగ్టన్ కౌంటీ మౌంట్ లారెల్‌లో. మీ టౌన్ మీద ఈ బాధ్యత ఎందుకు పడిందంటే దాని మూలం మా ఊళ్ళోనే ఉంది.

ఎథెల్ లారెన్స్ అని ఒక నల్లజాతి టీచరు. వాళ్ళది తరతరాలుగా ఈ ఊరే. కోళ్ళ షెడ్లని ఇళ్ళుగా మార్చుకుని బతికే పరిస్థితి అప్పట్లో ఇక్కడి పేద కుటుంబాలది. 36 అపార్ట్‌మెంట్లు కట్టుకుంటాం, జోనింగ్ ఇవ్వండి అని అడిగితే 1970లో టౌన్‌షిప్ కుదరదంది. ఇక్కడ ఉండే స్తోమత లేకపోతే ఊరు వదిలి పొమ్మన్నట్టు మేయర్ చర్చిలో అందరి ముందే చెప్పాడు. కేసు న్యూజెర్సీ సుప్రీం కోర్టుకెళ్ళింది. పెరుగుతున్న టౌన్లు తమ వంతు అఫర్డబుల్ ఇళ్ళకి చోటు చూపించాలని 1975లో తీర్పు, టౌన్లు పట్టించుకోకపోతే 1983లో ఇంకా గట్టి తీర్పు. అయినా ఇక్కడి ఇళ్ళకి ప్లానింగ్ బోర్డు అనుమతి వచ్చేసరికి 1997 అయింది. ఆవిడ 1994లోనే పోయారు. 2000 చివర్లో మొదటి కుటుంబాలు దిగాయి. ఆవిడ పేరే పెట్టారు. మొత్తం 140, మీవాటిలాగే అద్దె టౌన్‌హోమ్స్.

మీ గ్రూపులో వస్తున్న మాటలన్నీ ఇక్కడి హియరింగుల్లో కూడా వచ్చాయి. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ డగ్లస్ మాసీ బృందం తర్వాత అచ్చంగా ఆ భయాల మీదే పరిశోధన చేసి 2013లో ప్రచురించింది. చుట్టుపక్కల ఇలాంటి ఊళ్ళతో పోల్చి చూస్తే నేరాల మీద గానీ, ఇళ్ళ ధరల మీద గానీ, పన్నుల మీద గానీ దీని ప్రభావం కనిపించలేదు. నేను రోజూ దాని ముందు నుంచే డ్రైవ్ చేస్తాను. కొత్తవాళ్ళకి అది మామూలు కాలనీ లాగే కనిపిస్తుంది. పిటిషన్ తిప్పుతున్నవాళ్ళని ఒక ఆదివారం ఇటు రమ్మనండి, నేను తీసుకెళ్ళి చూపిస్తాను.

మూడో_అంతస్తు:

పేరు వద్దు, ఊరు వద్దు. నేను అలాంటి ఇంట్లోనే ఉంటున్నాను. తెలుగమ్మాయినే. "ఎలాంటివాళ్ళు వస్తారో" అన్నారు కదా, ఒకరి గురించి చెప్తాను.

భర్త వీసాకి అనుబంధంగా ఇచ్చే హెచ్4 మీద వచ్చాను. తర్వాత విడాకులయ్యాయి. బాబుతో ఒకరి బేస్‌మెంట్‌లో ఉండేదాన్ని. కిటికీ లేదు, పొయ్యి లేదు, ఇండక్షన్ ప్లేటు మీదే వంట. స్కూల్లో టీచర్స్ ఎయిడ్‌గా చేస్తాను, ఆ జీతానికి ఈ కౌంటీలో డబుల్ బెడ్‌రూమ్ అద్దె కలలో మాట. అఫర్డబుల్ లిస్టులో పేరు రాసుకుంటే లాటరీ తీస్తారు. తర్వాత పే స్టబ్స్, టాక్స్ రిటర్న్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, క్రెడిట్ చెక్, ల్యాండ్‌లార్డ్ రిఫరెన్స్ అన్నీ అడిగారు. మీలో ఎవరూ ఇల్లు అద్దెకి తీసుకోవడానికి ఇన్ని కాగితాలు ఇచ్చి ఉండరు.

ఇప్పుడు మావాడికి తన గది ఉంది. గోడకి గ్రహాల పటం అంటించుకున్నాడు. వాడి క్లాసులో మీలాంటి కాలనీల పిల్లలే ఉన్నారు, అందరూ కలిసే చదువుతున్నారు. బతుకమ్మ ఆడటానికి వెళ్తే "ఎక్కడుంటారు, సొంతమేనా?" అని అడుగుతారు. అద్దె అని చెప్తాను. ఏ కాంప్లెక్సో చెప్పను. ఆ గ్రూపుల్లో వచ్చే మాటలు నాకూ తెలుసు కదా.

అక్కా, మీరు హియరింగ్‌కి వెళ్తున్నారు కాబట్టి ఒక్కటి అడగండి. మా దగ్గర లాండ్రీ రూమ్‌కి వెళ్ళే దారిలో లైట్లు సరిగ్గా లేవు, చెత్త డబ్బాలు పిల్లలు ఆడుకునే చోటు పక్కనే పెట్టారు. డ్రాయింగ్ దశలో ఎవరూ అడగలేదు. అక్కడ ఉండబోయేవాళ్ళు ఇంకా ఊళ్ళోకి రాలేదు, వాళ్ళ తరఫున ఆ గదిలో మాట్లాడటానికి ఎవరూ ఉండరు. సైడ్‌వాక్ బస్‌స్టాప్ దాకా వెయ్యమని మీరు అడిగితే, అది మీ అత్తగారి దగ్గరికి వచ్చే ఆవిడకీ పనికొస్తుంది.

వాగుపక్క_ఇల్లు:

అందరికీ కృతజ్ఞతలు. చెల్లెమ్మా, నువ్వు రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. నీ నంబర్ మెసేజ్‌లో పంపు, బతుకమ్మకి మా ఇంటి నుంచే వెళ్దాం.

నిన్న మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి ఫైలు చూశాను. హౌసింగ్ ప్లాన్‌లో ఆ లాట్ నంబర్ ఉంది. పార్కింగ్ 138 చూపించారు, కాబట్టి దాని ఊసు ఎత్తను. టెస్ట్ పిట్స్ రెండూ రోడ్డు వైపు బేసిన్‌లో ఉన్నాయి. మా కంచె వైపు ఇంకో చిన్న బేసిన్ గీశారు, అక్కడ ఒక్క గుంత కూడా తియ్యలేదు. ఐడా నీళ్ళు వచ్చింది ఆ మూల నుంచే. సైడ్‌వాక్ వాళ్ళ గేటు దాకా వచ్చి ఆగిపోయింది, అక్కడి నుంచి బస్‌స్టాప్ వరకూ గడ్డే. చెత్త డబ్బాల ఆవరణ ఆడుకునే చోటుకి ఎంత దూరమో స్కేలు పెట్టి కొలిచి రాసుకున్నాను.

వాళ్ళ ఇంజనీరు చెప్పడం అవ్వగానే అడగడానికి ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. చివర్లో నా వంతు వచ్చినప్పుడు, ఈ ఇళ్ళు రావాలని కోరుకుంటున్నాననీ, కంచె వైపు బేసిన్ దగ్గర గుంత తీసి చూపించాకే అప్రూవల్ ఇమ్మనీ, సైడ్‌వాక్ బస్‌స్టాప్ దాకా వెయ్యాలని కండిషన్ పెట్టమనీ చెప్తాను. పిటిషన్ తిప్పుతున్న పక్కింటాయనకి మౌంట్ లారెల్ సంగతి చెప్పాను. ఆదివారం వస్తానన్నాడు. బర్లింగ్టన్ వాసి గారూ, పదకొండింటికి వీలవుతుందా?