బూంది కడుపుతో ఉంది, తెచ్చి 27 రోజులైంది. రోజులు దాటినట్టేనా?

వరండా_గూడు · మే 3, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. మా పాప చాలా రోజులు అడిగితే ఏప్రిల్ 6న రెండు పెంపుడు ఎలుకలు తెచ్చాం. తెల్లది బూంది. తల నల్లగా, ఒళ్ళు తెల్లగా ఉన్నది జిలేబి. రెండూ ఆడవే, వయసు రెండు నెలలు అని షాపతను చెప్పాడు. ఒంటరిగా ఉంచితే బెంగ పెట్టుకుంటాయని విని జంటగా తెచ్చాం. ఏప్రిల్ 22న జిలేబి తోక కింద బీజాలు కనిపించాయి. ఆ పూటే వేరే పంజరంలోకి మార్చేశాం, కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఇప్పుడు బూంది పొట్ట రెండు పక్కలా ఉబ్బి, పైనుంచి చూస్తే బేరిపండులా ఉంది.

ఎలుక 21 నుంచి 23 రోజులు మోస్తుందని ఎక్కడ చూసినా రాసి ఉంది. ఇవాళ్టికి 27 రోజులు. పిల్లలు లోపలే పోయాయేమోనని రెండు రాత్రులుగా నిద్ర లేదు. అది మాత్రం తింటోంది, నీళ్ళు తాగుతోంది, పిలిస్తే చేతిమీదికి వస్తోంది. మూడు క్లినిక్‌లకు ఫోన్ చేస్తే కుక్కలు, పిల్లులే చూస్తామన్నారు. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

యానిమల్_హౌస్_పాతమనిషి · మే 3, రాత్రి 11:05

అమ్మా, ముందు ఒక్క మాట. మీరు తెచ్చిన రోజు నుంచి లెక్క వేస్తున్నారు. కడుపు నిలిచిన రోజు అది కాకపోవచ్చు.

నేను ఒక మందుల కంపెనీ యానిమల్ హౌస్‌లో, అంటే ప్రయోగాల జంతువులను పెంచే చోట, 11 ఏళ్ళు ఎలుకల పని చూశాను. అక్కడ మగదాన్ని రాత్రి కలిపేవాళ్ళం. తెల్లారి స్మియర్‌లో, అంటే ఆడదాని యోని నుంచి తీసిన ద్రవాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే, వీర్యకణాలు కనిపిస్తేనే ఆ రోజును సున్నాగా రిజిస్టర్‌లో రాసేవాళ్ళం. అలా తేదీ తెలిసినప్పుడే 21, 22, 23 అన్న అంకెలకు అర్థం ఉంటుంది. ఇంట్లో మనకు తెలిసేవి రెండే, కలిసిన మొదటి రోజు, విడదీసిన రోజు. ఆడది నాలుగైదు రోజులకోసారి ఎదకు వస్తుంది, అదీ సగం రోజే. ఆ 16 రోజుల్లో మూడు నాలుగు సార్లు అవకాశం ఉంది. గడువు చివరి రోజును విడదీసిన తేదీ నుంచే లెక్కపెట్టాలి. ఏప్రిల్ 22కి 23 కలిపితే మే 15. కాబట్టి 27 రోజులైందని ఇప్పుడే భయపడకండి.

మూడు సంగతులు చెప్పండి. పొట్ట మొదట ఏ రోజు కనిపించింది? షాపులో ఆడా మగా ఒకే పెట్టెలో ఉండేవా? బరువు ఎంత? వంటింటి డిజిటల్ త్రాసు మీద డబ్బా పెట్టి సున్నా చేసి, అందులో కూర్చోబెట్టి చూడండి.

వరండా_గూడు · మే 3, రాత్రి 11:40

షాపులో ఆడవాటి పెట్టెలోంచే తీశాడు, కానీ జిలేబి కూడా అందులోదే. పాప ఫోన్‌లో ఫొటోలు చూశాను. ఏప్రిల్ 25న మామూలుగానే ఉంది, 27న కొంచెం తేడా ఉంది, 30కి ఎవరైనా పోల్చగలిగేలా ఉంది. బరువు ఇప్పుడే చూశాను, 268 గ్రాములు.

యానిమల్_హౌస్_పాతమనిషి · మే 3, రాత్రి 11:55

పొట్ట పైకి కనిపించేది సుమారు రెండు వారాలు నిండాకే. 27న కనిపించిందంటే ఏప్రిల్ 13, 14 ప్రాంతంలో నిలిచి ఉంటుంది. మే 5 నుంచి 7 లోపల చూడండి. రోజూ ఒకే వేళకు బరువు రాసుకోండి. పెరుగుతున్నంత కాలం లోపల పిల్లలు పెరుగుతున్నట్టే. పిల్లలు రాకుండా బరువు తగ్గడం మొదలైతే మాత్రం డాక్టర్‌కు చూపించాల్సిందే.

తేమ్స్_ఒడ్డు · మే 4, ఉదయం 5:30

ఇంగ్లండ్‌లో ఉంటాం, ఆరేళ్ళుగా ఎలుకలు పెంచుతున్నాను. పై లెక్కకు ఒక మినహాయింపు ఉంది, నాకు అనుభవంలోకి వచ్చింది.

ఎలుక ఈనిన ఒక రోజు లోపలే మళ్ళీ ఎదకు వస్తుంది. ఆ సంగతి తెలియక పురుడు జరిగిన రాత్రి మగదాన్ని అదే పంజరంలో ఉంచేశాను. తల్లి పిల్లలకు పాలిస్తూనే మళ్ళీ చూలు కట్టింది. 23 రోజులు దాటాయి, 25 దాటాయి, నేను మీలాగే ఏడుస్తూ కూర్చున్నాను. 28వ రోజున పిల్లలు పెట్టింది. పాలు కుడిపే తల్లిలో పిండాలు గర్భసంచికి అంటుకోవడం కొన్ని రోజులు వాయిదా పడుతుందని మా డాక్టర్ అప్పుడు చెప్పారు. అందుకే రోజులు పెరుగుతాయి. బూందికి ఇది తొలిచూలే అయితే ఈ మినహాయింపు వర్తించదు. కానీ పురిటి రాత్రి జిలేబిని పాప ముద్దుకోసం కూడా ఆ గదిలోకి తేవద్దు. 28 రోజుల తేడాలో రెండు ఈతలు, 19 మంది పిల్లలు. తల్లి ఎముకల గూడైపోయింది. దాన్ని మళ్ళీ మనిషి చేయడానికి నాకు మూడు నెలలు పట్టింది.

కృష్ణాతీరం · మే 4, ఉదయం 9:10

అక్కా, భయపెట్టాలని కాదు, నిజంగా రోజులు దాటితే ఎలా ఉంటుందో తెలియాలని రాస్తున్నాను.

మా మిన్నీ దగ్గరికి మగది ఒక్క రాత్రే దూరింది, పంజరం గడియ సరిగ్గా పడలేదు. అందుకని తేదీ కచ్చితంగా తెలుసు. 24వ రోజు సాయంత్రం కొంచెం రక్తం కనిపించింది. ఒళ్ళు సాగదీసి, పొట్ట లోపలికి లాక్కుంటూ నొప్పులు పడింది. ఒక్క పిల్లా రాలేదు. రాత్రి పదకొండయింది. దానంతటదే కంటుంది, చీకట్లో కదిలించకూడదు అని నేనే అనుకున్నాను. తెల్లవారేసరికి చెవులు, పాదాలు పాలిపోయి చల్లబడ్డాయి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేలోపే పోయింది. తర్వాత చూస్తే మొదటి పిల్ల అడ్డంగా ఇరుక్కుని ఉందట.

నొప్పులు మొదలైతే గంట రెండు గంటల్లో మొత్తం అయిపోవాలి. రక్తం కనిపించి రెండు గంటలైనా పిల్ల రాకపోయినా, వాసన వచ్చే ఆకుపచ్చ, గోధుమ రంగు ద్రవం కారినా, ఒక మూల ముడుచుకుని తినకపోయినా అర్ధరాత్రి అని చూడకండి. అందుకే ఆ రాత్రికి కావలసిన డాక్టర్ నంబర్ ఇవాళ పగలే సంపాదించి పెట్టుకోండి.

ఇంకో చిట్కా. "ఎలుకలు చూస్తారా" అని అడిగితే ఫోన్ పెట్టేస్తారు. "కుందేళ్ళు, పక్షులు చూస్తారా" అని అడగండి. వాటిని చూసేవాళ్ళు ఎలుకనూ చూస్తారు.

పల్నాటి_పావురం · మే 4, మధ్యాహ్నం 1:15

నేను పావురాలు పెంచుతాను, ఎలుకల సంగతి తెలియదు. మా ఊళ్ళో గేదెలు పాలు చేపడానికి సూది వేస్తారు కదా, దాంతో పురుడు కూడా త్వరగా అవుతుందంటారు. చాలా కొంచెం వేస్తే పని చేయదా?

యానిమల్_హౌస్_పాతమనిషి · మే 4, మధ్యాహ్నం 1:40

దయచేసి వద్దు. ఆ సూదిలో ఉండేది ఆక్సిటోసిన్. గర్భసంచిని గట్టిగా నొక్కిస్తుంది. పిల్ల అడ్డం తిరిగి ఉన్నప్పుడు వేస్తే దారి లేక సంచి చిట్లిపోతుంది. డాక్టర్ కూడా చేత్తో తడిమి, అవసరమైతే ఎక్స్‌రే తీసి, ఏదీ ఇరుక్కోలేదని తేల్చుకున్నాకే వేస్తారు. లేదంటే ఆపరేషన్ చేస్తారు. మూడు వందల గ్రాములు లేని ప్రాణి అది, గేదె మోతాదులో నాలుగు చుక్కలు కూడా దానికి ఎక్కువే.

మనం చేయగలిగింది తిండి, గూడు, చల్లదనం. రోజూ కొంచెం ఉడికించిన గుడ్డు, ఉప్పు వేయని చికెన్, ఉడికిన పెసలు ఇవ్వండి. అంతస్తుల పంజరం తీసేసి ఒకే మట్టం ఉన్న పెట్టెలోకి మార్చండి. ఊచల సందుల్లోంచి పిల్లలు జారిపోతాయి. తెల్ల టిష్యూలు, చింపిన కాగితం వేస్తే తనే గూడు కట్టుకుంటుంది. దూది, దారాలు ఊడే గుడ్డ వేయకండి, పిల్లల కాళ్ళకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది. వడ్రంగి షాపు రంపపు పొట్టు కూడా వద్దు. పైన్, దేవదారు పొట్టు ఘాటు వాటి ఊపిరితిత్తులకు పడదు.

మే నెల ఎండ వేరే సంగతి. ఎలుకకు మనలా చెమట పట్టదు, తోకలోంచి వేడి వదులుకుంటుంది. నిండుచూలాలికి ఇంకా కష్టం. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి. కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి.

సంధ్య_మల్లె · మే 4, సాయంత్రం 6:50

మా దానికి జరిగింది కూడా చెప్తాను. ఆపరేషన్ అయిన మగదానితో కలిపాం. గూడు కట్టింది, కాగితాలన్నీ ఒక మూలకు చేర్చింది, ఒళ్ళు కూడా చేసింది. రెండు వారాలకు గూడు తన్నేసి మామూలుగా తిరిగింది. ఉత్తి కడుపు అన్నారు డాక్టర్. రెండు పక్కలా సమంగా కాకుండా ఒకవైపే గడ్డలా ఉంటే అది కడుపు కాకపోవచ్చు. ఆడ ఎలుకలకు రొమ్ము గడ్డలు ఎక్కువ, చంకలోనూ, తొడ దగ్గరా కూడా వస్తాయి.

వరండా_గూడు · మే 5, రాత్రి 9:30

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. రెండో ఫోన్‌కే కుందేళ్ళు చూసే డాక్టర్ దొరికారు. పొట్ట మెల్లగా తడిమి, కదులుతున్నాయి, కంగారు పడకండి అన్నారు. మే 10 దాటితే తీసుకురమ్మన్నారు, రాత్రిపూట నంబర్ ఇచ్చారు. నిన్న 276, ఇవాళ 284 గ్రాములు. సాయంత్రం నుంచి టిష్యూలన్నీ చీల్చి గిన్నెలా చేస్తోంది. మిన్నీ గురించి చదివి మా పాప చాలాసేపు ఏడ్చింది.

వరండా_గూడు · మే 7, ఉదయం 7:05

పెట్టింది!

నాలుగున్నరకు చిన్న శబ్దం వినిపించి లేచాను. కొంచెం రక్తం, ఒళ్ళు సాగదీస్తోంది. గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాను, డాక్టర్ నంబర్ పక్కనే పెట్టుకున్నాను. నాలుగు యాభైకి మొదటిది వచ్చింది. కూర్చుని రెండు చేతులతో పట్టుకుని నాకి, మాయ తినేసింది. ఆరుంపావుకి అయిపోయింది. తొమ్మిది. ఒకటి కదలలేదు. మిగతా ఎనిమిదీ ఎర్రగా, చిటికెనవేలు కొసంత ఉన్నాయి. చనిపోయినదాన్ని తీసేయాలా?

తేమ్స్_ఒడ్డు · మే 7, ఉదయం 7:20

చాలా సంతోషం! తల్లి బయటికి వచ్చి తింటున్నప్పుడు తీసేయండి. మిగతావాటిని ఇవాళ కదపొద్దు. గుడ్డు ఇవ్వండి, నీళ్ళ సీసా నిండుగా ఉంచండి, పాలిచ్చే తల్లి విపరీతంగా తాగుతుంది. పలుచటి చర్మం కిందనుంచి పొట్టలో తెల్లటి పట్టీ కనిపిస్తే పాలు తాగినట్టు. రేపు చూడాల్సింది అదొక్కటే. తల్లికి చన్నులు పన్నెండు ఉంటాయి కాబట్టి ఎనిమిదింటికీ సరిపోతాయి.

వరండా_గూడు · మే 8, రాత్రి 8:15

ఎనిమిదింటికీ తెల్ల పట్టీ ఉంది. జిలేబి పక్క గదిలోనే ఉంది, తలుపు వేసే ఉంచాం.

యానిమల్_హౌస్_పాతమనిషి · మే 8, రాత్రి 9:00

ఇక క్యాలెండర్ మీద రాసుకోండి. వారానికి నూగు వస్తుంది. ఎనిమిది నుంచి పది రోజుల మధ్య ఆడపిల్లల పొట్టమీద చన్నుల చుక్కలు వరుసగా కనిపిస్తాయి. తర్వాత నూగు కప్పేస్తుంది కనుక ఆ రెండు రోజుల్లోనే ఫొటోలు తీసి గుర్తు పెట్టుకోండి. రెండు వారాలకు కళ్ళు తెరుస్తాయి. నాలుగున్నర వారాలకు, అంటే జూన్ 7, 8 నాటికి మగపిల్లలను తల్లి నుంచీ అక్కచెల్లెళ్ళ నుంచీ వేరు చేయాలి. ఐదు వారాలు దాటనిస్తే మీరు మళ్ళీ ఇక్కడే ఇదే ప్రశ్న అడగాల్సి వస్తుంది. జిలేబికి ఆపరేషన్ చేయించినా వెంటనే కలపకండి, కొన్ని వారాలు దానికి పిల్లలు కలిగించే శక్తి ఉంటుంది.

వరండా_గూడు · జూన్ 8, సాయంత్రం 5:40

మూడు మగ, ఐదు ఆడ. చన్నుల ఫొటోలు చాలా ఉపయోగపడ్డాయి, ఒకదాన్ని మేము మగదే అనుకున్నాం. ఇవాళ మధ్యాహ్నం మగవాటిని వేరే పంజరంలోకి మార్చాం. జిలేబి పంజరం పక్కనే పెట్టాం, వాసన అలవాటయ్యాక మెల్లగా కలపమని డాక్టర్ చెప్పారు. బూంది 241 గ్రాములకు వచ్చింది.

ఆడవాటిలో రెండింటిని మా ఆడపడుచు జంటగా తీసుకెళ్తానంది. మిగతా మూడూ బూంది దగ్గరే ఉంటాయి. పాములకు వేయడానికి కొంటారని విన్నాక షాపుకు ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. పంజరం గడియకు రెండో కొక్కెం కూడా పెట్టించాం.

కృష్ణాతీరం · జూన్ 8, రాత్రి 10:10

అక్కా, ఆ మూడు మగవాటిలో రెండు నాకిస్తారా? మిన్నీ పోయాక పంజరం ఖాళీగానే ఉంది. విజయవాడ నుంచి నేనే వచ్చి తీసుకెళ్తాను, పొద్దున్న బండికి.

వరండా_గూడు · జూన్ 8, రాత్రి 10:25

తప్పకుండా తమ్ముడూ. ఇంకో రెండు వారాలు ఆగి రండి, ఈలోపు బాగా బలపడతాయి. తల నల్లగా ఉన్న రెండూ మీవి.