1910 నాటి మహా కార్చిచ్చు తరువాత తొలితరం రేంజర్లకు ఏమైంది?

బెజవాడ అధ్యాపకురాలు, విజయవాడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సెప్టెంబరు 11న జాతీయ అటవీ అమరవీరుల దినం నాడు మా డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్ర విద్యార్థుల ఎదుట గంటసేపు మాట్లాడవలసి ఉన్నది. 1991 నవంబరులో వీరప్పన్ చేతిలో ప్రాణాలు కోల్పోయిన మన రాజమహేంద్రవరం బిడ్డ, అటవీ అధికారి పి. శ్రీనివాస్ గారి గురించి పిల్లలు కొంత వినే ఉంటారు. కనుక ఈ ఏడు మంటలతో పోరాడుతూ పోయినవారి గురించి చెప్పాలనుకుని, 1910 ఆగస్టు 20, 21 తేదీలలో అమెరికాలోని ఐడహో, మోంటానా ప్రాంతాలను దహించిన కార్చిచ్చును ఎంచుకున్నాను. ఆ రెండు రోజులలో కాలిన అడవి సుమారు 30 లక్షల ఎకరాలు. మన ఉమ్మడి గుంటూరు జిల్లా మొత్తం విస్తీర్ణం 11,391 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 28 లక్షల ఎకరాలే కాబట్టి, పిల్లలకు ఆ విస్తీర్ణం ఈ లెక్కతో అర్థమవుతుందని అనుకుంటున్నాను. కనీసం 85 మంది మరణించగా, వారిలో 78 మంది మంటలు ఆర్పడానికి వెళ్లినవారే.

నేను చదివిన కథనాలన్నీ దాదాపు ఒకే చోట ఆగిపోతున్నాయి. ఐడహోలోని వాలెస్ పట్టణపు రేంజర్ ఎడ్ పులాస్కీ తన వెంట ఉన్న 45 మందిని పాత గని సొరంగంలోకి నడిపించి, తడి దుప్పట్లు సొరంగం ముఖాన వేలాడదీసి, బయటకు పరుగెత్తబోయినవారిని పిస్తోలు చూపి ఆపి, అధిక భాగాన్ని బతికించాడు. ఇది గొప్ప సంగతే. అయితే మరునాడు, మరుసటి ఏడు, పదేళ్ల తరువాత ఆ మనుషులకు ఏమైంది? అటవీ శాఖ వారిని ఎలా చూసుకుంది? వారి త్యాగం నుంచి ఆ శాఖ నేర్చుకున్న పాఠం సరైనదేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

బ్రాడీపేట పాఠకుడు, గుంటూరు (జవాబు)

అధ్యాపకురాలి గారికి నమస్కారం. మీరు అడిగిన మొదటి రెండు ప్రశ్నలకు జవాబు బాధ కలిగించేదే అయినా, పిల్లలకు తప్పక చెప్పవలసినది.

ముందుగా ఆ శాఖ వయస్సును గుర్తుంచుకోవాలి. అమెరికా అటవీ శాఖ 1905లో, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలంలో, గిఫర్డ్ పించో నాయకత్వాన ఏర్పడింది కాబట్టి మంటలు వచ్చేనాటికి దానికి ఐదేళ్లే. రేంజర్‌గా చేరేవాడు తన గుర్రాన్ని, జీనును తానే తెచ్చుకోవాలి. ఒక్కొక్కరి కింద లక్షల ఎకరాలు ఉండేవి. పైగా ఆ శాఖ అంటే స్థానికంగా గిట్టనివారు చాలామంది. కలప కంపెనీలు, గని యజమానులు, వారి తరఫున మాట్లాడే ఐడహో సెనేటర్ వెల్డన్ హేబర్న్ వంటివారు, అడవిని ప్రభుత్వం తన చేతిలో ఉంచుకోవడమే తప్పన్నారు. 1910 జనవరిలో అధ్యక్షుడు టాఫ్ట్ పించోను పదవి నుంచి తొలగించాడు. అంటే ఆ వేసవిలో వర్షాలు లేక అడవి ఎండిపోయి, పిడుగుల వల్ల, రైలింజన్ల నిప్పురవ్వల వల్ల వందల చోట్ల మంటలు రగులుతున్నప్పుడు, ఆ కుర్ర రేంజర్ల వెనుక డబ్బు లేదు, బలగం లేదు, తమను కాపాడగల నాయకుడూ లేడు.

మంటలు ఆర్పడానికి పట్టణాల నుంచి పిలిపించిన మనుషులకు గంటకు 25 సెంట్లు కూలి. వారిలో చాలామంది ఐరోపా దేశాల నుంచి వలస వచ్చి గనులలో, రైలు మార్గాలలో పని చేసుకునేవారు. కొందరు మరణించినప్పుడు వారి పేరేమిటో, ఊరేదో చెప్పగలిగినవారు కూడా లేకపోయారు. సైన్యం నుంచి నల్లజాతి సైనికుల 25వ పదాతి దళం వచ్చింది. ఏవరీ, వాలెస్ పట్టణాల ప్రజలను రైళ్లలో తరలించడంలో వారు చేసిన సేవ ఆనాటి కథనాలలో దక్కవలసినంత చోటు పొందలేదు. మీ ప్రసంగంలో రేంజర్ల పేర్ల పక్కన వీరికి కూడా చోటివ్వమని నా మనవి.

ఇక ఆ తరువాత జరిగినది. గాయపడినవారి వైద్యానికి ప్రభుత్వ నిధులలో సరైన దారి లేకపోవడంతో అటవీ ఉద్యోగులే తమ చిన్న జీతాల నుంచి చందాలు వేసుకున్నారు. రెడ్‌క్రాస్ కొంత ఆదుకున్నది. పులాస్కీకి ఒక కన్ను పోయింది, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆయనకు ప్రభుత్వం నుంచి పరిహారం అందలేదు. చికిత్సకు సొంత డబ్బు ఖర్చు పెట్టుకుని, తిరిగి అదే ఉద్యోగంలో చేరి, మరో రెండు దశాబ్దాలు పని చేశాడు. 1923లో ఒక పత్రిక వ్యాసరచన పోటీలో ఆ రాత్రి అనుభవాన్ని రాసి పంపితే 500 డాలర్ల బహుమతి వచ్చింది. కంటి చికిత్సకు డబ్బు సమకూరినది ఆ విధంగా. వాలెస్ దగ్గర సమాధి చేసిన తన సహచరుల గోరీల చుట్టూ కలుపు తీసి శుభ్రం చేసే పనిని కూడా ఆయన తన మీదనే వేసుకున్నాడు. ఒక వైపు గొడ్డలి, మరొక వైపు నేల తవ్వే అంచు ఉన్న పనిముట్టును ఆయన తీర్చిదిద్దాడు. ఈనాటికీ కార్చిచ్చు ఆర్పే సిబ్బంది చేతిలో అది ఉన్నది, ఆయన పేరుతోనే పిలుస్తారు. దాని వల్ల ఆయనకు సంపద ఏమీ చేకూరలేదు. 1931లో మరణించాడు.

మనుషులకు దక్కనిది శాఖకు దక్కింది. అడవిని కాపాడటానికి డబ్బు ఇవ్వకుండా బిగపట్టిన చట్టసభ సభ్యులదే ఈ మరణాల బాధ్యత అని పించో పత్రికలలో గట్టిగా వాదించాడు. రేంజర్ల పట్ల ప్రజలలో సానుభూతి వెల్లువెత్తింది. 1911 మార్చి 1న వీక్స్ చట్టం వచ్చింది. తూర్పు రాష్ట్రాలలో నదుల ఎగువ అడవులను కొనడానికీ, మంటల నివారణలో రాష్ట్రాలకు సాయం చేయడానికీ అది వీలు కల్పించింది. ఎన్నో ఏళ్లుగా ముందుకు కదలని బిల్లు అది. చనిపోయిన కూలీ కుటుంబానికి న్యాయం జరగకముందే అతని మరణం ఒక శాఖకు పునాదిరాయి అయింది. పిల్లలకు ఈ రెండింటినీ పక్కపక్కనే ఉంచి చెప్పాలని నేను కోరుకుంటాను.

విశ్రాంత రేంజ్ అధికారి, గుంటూరు (జవాబు)

అమ్మా, బ్రాడీపేట పాఠకుడు గారు మనుషుల సంగతి చక్కగా చెప్పారు. మీ మూడవ ప్రశ్నకు నేను జవాబిస్తాను. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం మాచర్ల, వినుకొండ వైపు, నల్లమల అంచులలో గడిచింది.

1910లో ఆ ప్రాంతపు అటవీ కార్యాలయం మోంటానాలోని మిజూలా పట్టణంలో ఉండేది. అక్కడ అధిపతి విలియం గ్రీలీ; ఆయన కింది అధికారి ఫెర్డినాండ్ సిల్‌కాక్స్; పక్కనే లోలో అడవికి పర్యవేక్షకుడు ఎలర్స్ కోచ్. ముగ్గురూ ఆ మంటలను ఎదుర్కొన్నవారే, తమ మనుషుల శవాలను చూసినవారే. గ్రీలీ 1920లోనూ, సిల్‌కాక్స్ 1933లోనూ అటవీ శాఖకు అధిపతులయ్యారు. సిల్‌కాక్స్ 1935లో ఒక నియమం పెట్టాడు: ఎక్కడ మంట కనిపించినా మరునాడు ఉదయం పది గంటలలోపు దానిని అదుపులోకి తీసుకురావాలి. అడవి ఎంత లోపల ఉన్నా, ఆ మంట వల్ల ఎవరికీ నష్టం లేకపోయినా సరే. అదే 1935లో కోచ్ అటవీ శాస్త్ర పత్రికలో దీనికి పూర్తిగా ఎదురు వాదన రాశాడు. రోడ్డు లేని, ఊరు లేని ఆ లోతట్టు కొండలలో ఇన్నేళ్లూ మనుషులను, డబ్బును ధారపోసి మంటలతో పోరాడినందువల్ల అడవికి ఒరిగినదేమీ లేదనీ, ఆ పోరాటం కోసం వేసిన రోడ్ల వల్ల అడవి స్వరూపమే పోయిందనీ, ఆ ప్రాంతాన్ని దాని మానాన వదిలివేయాలనీ అన్నాడు.

ఒకే అగ్నిని చూసిన ఇద్దరు అనుభవజ్ఞులు పాతికేళ్ల తరువాత రెండు వేరు నిర్ణయాలకు వచ్చారు. ఇద్దరిలో ఎవరూ పిరికివారు కారు, అడవిని ప్రేమించనివారు కారు. సిల్‌కాక్స్ మాట నెగ్గడానికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. చనిపోయిన మనుషులు వృథాగా పోయారని ఏ శాఖా ఒప్పుకోలేదు. వారు ఓడిపోయిన యుద్ధాన్ని గెలిచి చూపించాలని అనుకుంటుంది. ఆ పట్టుదల మీద నాకు గౌరవం ఉన్నది. అయితే దశాబ్దాల పాటు చిన్న మంటలన్నింటినీ ఆర్పుతూ పోతే, రాలిన ఆకు, విరిగిన కొమ్మ, దట్టంగా లేచిన చిన్న చెట్లు పేరుకుపోయి, చివరకు వచ్చే మంట ఎవరికీ లొంగనిదవుతుంది. అక్కడి ఆదివాసులు ఎన్నో తరాలుగా చల్లటి కాలంలో నేలను కాల్చి ఈ చెత్తను తగ్గించేవారు. ఆ పద్ధతిని అటవీ శాఖ అజ్ఞానమని తోసిపుచ్చింది. ఉదయం పది గంటల నియమాన్ని 1978లో గాని విడిచిపెట్టలేదు.

కొండపల్లి వాసి, విజయవాడ (జవాబు)

పెద్దలు క్షమించాలి, ఒక అభ్యంతరం. ఈ వాదన మన పిల్లలకు చెబితే "మంటను వదిలివేయవచ్చు" అన్న మాటే వారి మనసులో మిగులుతుందని నా భయం. ఐడహోలో పిడుగులు పడి మంటలు పుట్టాయి. మన నల్లమలలో ప్రతి వేసవిలో వచ్చే మంటలలో దాదాపు అన్నీ మనుషులు పెట్టినవో, అజాగ్రత్త వల్ల వచ్చినవో. పశువులకు లేత గడ్డి రావాలని ఒకరు, తేనె కోసం పొగ పెట్టి మరొకరు, తునికాకు బాగా చిగురించాలని ఇంకొకరు, దారిన పోతూ బీడీ ముక్క విసిరి మరొకరు. ఏటా కాలే నేలలో మొలక నిలవదు. మన అడవికి కావలసినది సిల్‌కాక్స్ పట్టుదలే కదా?

విశ్రాంత రేంజ్ అధికారి, గుంటూరు (జవాబు)

బాబూ, మీ అభ్యంతరం న్యాయమైనదే. రెండు అడవులూ ఒకటి కావు. అక్కడివి సూదిమొన ఆకుల, జిగురున్న చెట్లు. పెనుగాలి తోడైతే మంట చెట్ల తలల మీదుగా దూకుతుంది. 1910లో జరిగినది అదే. మనది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి ఎండిన గడ్డి, రాలిన ఆకు నేల మీద కాలుతాయి. మంట చాలా చోట్ల మోకాలి ఎత్తు దాటదు, పెద్ద చెట్టు నిలబడుతుంది. కాని మీరన్నట్లు మొలకలు, నేల మీద గూడు కట్టే పక్షులు, తాబేళ్లు పోతాయి. ఏటేటా కాలడం తప్పు. కాబట్టి మన దగ్గర మంటను ఆర్పవలసిందే.

నేను అనేది మరొకటి. ఆర్పడం అనేది వేసవిలో మొదలయ్యే పని కాదు. వేసవి రాకముందే ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే పట్టీలు, శుభ్రం చేసి, వాటిలోని గడ్డిని మన అదుపులో కాల్చివేయాలి. అంటే మంటను ఆపడానికి కూడా మంటనే వాడుతున్నాము. ఎదురు నిప్పు పెట్టడం, పచ్చి కొమ్మలతో అంచులు కొట్టి ఆర్పడం చెంచు వాచర్లకు (అడవి కాపలాదారులకు) తెలిసినంతగా ఏ శిక్షణ కళాశాలా నేర్పలేదు. ఇప్పుడు భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల ద్వారా మంటను గుర్తించి ఫోనుకు సందేశం పంపుతున్నది, అది మంచిదే. అయినా కొండ ఎక్కి అక్కడికి చేరవలసినది ఆ మనిషే. సిల్‌కాక్స్ పట్టుదల కావాలి, దానితో పాటు ఆ నేల తెలిసినవాడి మాట వినే అలవాటు కూడా కావాలి.

బెజవాడ అధ్యాపకురాలు, విజయవాడ (జవాబు)

మీ అందరికీ కృతజ్ఞతలు. ప్రసంగంలో పులాస్కీ సొరంగానికి పది నిమిషాలు చాలునని, మిగతా సమయమంతా ఆ తరువాతి పాతికేళ్లకు ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. నిప్పును అడవి నుంచి పూర్తిగా తరిమివేయాలన్న ఈ పట్టు ఆ మంటల తరువాతే పుట్టిందా, లేక తొలితరం అమెరికా అధికారులు దానిని మరెక్కడి నుంచైనా నేర్చుకున్నారా?

బ్రాడీపేట పాఠకుడు, గుంటూరు (జవాబు)

ముందే ఉన్నది, అందులో మన దేశానికి కూడా పాలున్నది. పించో యువకుడిగా ఐరోపా వెళ్లినప్పుడు అతనికి దారి చూపిన గురువు డీట్రిచ్ బ్రాండిస్. ఆయన 1864 నుంచి 1883 వరకు భారతదేశపు అడవులకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. ఆ 1860లలోనే మధ్య పరగణాలలోని (నేటి మధ్యప్రదేశ్) బోరీ అడవిలో నిప్పు రాకుండా కాపాడే ప్రయత్నం మొదలైంది, అది విజయవంతమైందని దేశమంతటా ఆదర్శంగా చూపారు. 1882లో మన మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమైంది. అయితే 1890ల నాటికే బర్మాలోని కొందరు అధికారులు ఎదురు ప్రశ్న వేశారు. నిప్పును పూర్తిగా ఆపిన చోట వెదురు, ఇతర చెట్లు దట్టంగా కమ్ముకుని టేకు మొలకలు లేవడం లేదని వారు గమనించారు. 1910 మంటలకు కొన్నేళ్ల ముందే అక్కడి టేకు అడవులలో కొంత మేర ఈ రక్షణను సడలించారు. అంటే అమెరికా 1978లో చేరిన చోటికి బర్మా అధికారులలో కొందరు అంతకు చాలా ముందే చేరారు.

మన పల్నాడు సంగతి కూడా పిల్లలకు ఒక మాట చెప్పండి. ఐడహోలో తొలితరం రేంజర్లను ద్వేషించినవారిలో బలవంతులైన కలప వ్యాపారులు ముందుండేవారు. ఇక్కడ అటవీ సిబ్బందిని ఎదిరించినవారు పశువులు మేపుకునే రైతులు. పుల్లరి (అడవిలో పశువుల మేతకు పన్ను) కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కాల్పులకు బలయ్యాడు. అక్కడి రేంజరుకు ఉన్న పేరు ఇక్కడి రేంజరుకు చాలాకాలం లేకపోవడానికి కారణం అది.

విశ్రాంత రేంజ్ అధికారి, గుంటూరు (జవాబు)

పాఠకుడు గారు చెప్పినది నిజం. పల్నాటి పల్లెలలో ఖాకీ చొక్కాను చూసి ముసలివారు ముఖం తిప్పుకోవడం నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా చూశాను. మంట వచ్చినప్పుడు ఊరు మన వెంట రావాలంటే ముందు ఆ దూరం తగ్గాలి.

అమ్మా, వీలైతే ఈ జనవరి చివరలో మీ విద్యార్థులను కొండపల్లి అడవికి తీసుకువెళ్లండి. స్థానిక రేంజ్ కార్యాలయంలో ముందుగా అనుమతి అడిగితే, ఫైర్ లైన్లు శుభ్రం చేసే రోజులలో బీట్ అధికారి వెంట పంపుతారు. అక్కడ పని చేసే వాచర్లను మాట్లాడించండి. వారిలో చాలామందికి పని వేసవి నెలలకే పరిమితం, గాయమైతే ఏ నిధి నుంచి వైద్యం అందుతుందో కూడా వారినే అడిగి తెలుసుకోమనండి.