ఒకే ఫోను, ఇద్దరు పిల్లలు, రోజుకు 1.5 జీబీ: ఏ ఆప్‌లు ఉంచుకోవాలి?

పల్నాటి_నాన్న:
అమ్మాయి పదో తరగతి, అబ్బాయి మూడు. ఇంట్లో ఒకటే ఆండ్రాయిడ్ ఫోను, 6 జీబీ ఖాళీ ఉంది. రాత్రి ఏడు దాటితే సిగ్నల్ ఎడ్లబండి నడక. డబ్బు కట్టే ఆప్‌లు వద్దు. అమ్మాయికి భౌతికశాస్త్రంలో విద్యుత్తు పాఠం అర్థం కావాలి, వాడికి తెలుగు చదవడం అలవాటు కావాలి. ఇంకొకటి: పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ఒక్కోసారి ఎంత ఆడించినా పట్టదు, ఎందుకండీ?

సుద్దముక్క:
నిగనిగలాడే కాగితం మీద ట్యూబులైటు పడితే కెమెరాకు గడులు కనపడవు. జిరాక్స్ ప్రతిలో అయితే గడులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. దాంతో కుస్తీ పట్టకండి. కోడ్ కింద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరింటి గుర్తు అచ్చయి ఉంటుంది. దీక్ష ఆప్‌లో (పాఠ్యపుస్తకాల పాఠాలు ఉండే ప్రభుత్వ ఆప్) వెతికేచోట అదే కొట్టండి, పాఠం వస్తుంది.

మామూలు కెమెరాతో స్కాన్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. చూడటానికి పరవాలేదు, దాచుకోవాలంటే మాత్రం ఆప్‌లోంచే వెళ్లాలి. మొదట బోర్డు, మాధ్యమం, తరగతి అడుగుతుంది. అక్కడ తప్పు నొక్కితే ముందు తెరమీద వేరే పుస్తకాలు వరసకడతాయి. పొద్దున్నే సిగ్నల్ బాగున్నప్పుడు ఆ వారం పాఠాలు మాత్రమే దించుకోండి, అయిపోయినవి తీసేయండి. పుస్తకం మొత్తం ఒకేసారి దించితే 6 జీబీ చూస్తుండగానే కరిగిపోతుంది.

ఓం_మీటరు:
విద్యుత్తుకు వీడియోల కన్నా ఫెట్ (PhET) నయం, తెరమీదే ప్రయోగాలు చేసి చూసే వెబ్‌సైటు. కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ వాళ్లది. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. వెబ్‌సైటులో పూర్తిగా ఉచితం. అందులో ‘సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ’ వెతకండి. అనువాదాల పట్టికలో తెలుగు వరుస కనిపిస్తే అది, లేకపోతే ఇంగ్లీషుదే దించండి. తెరమీద మాటలు ఎలాగూ తక్కువే. వచ్చేది ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు, తర్వాత నెట్ అక్కర్లేదు. ఫోనులోని మామూలు ఫైల్ వ్యూయర్‌తో తెరిస్తే తెల్లతెర రావచ్చు, క్రోమ్‌తో తెరవండి. ఫోను అడ్డంగా పట్టుకోవాలి.

9 ఓల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల నిరోధం, తీగలు, శ్రేణిలో (ఒకదాని వెనక ఒకటిగా) కరెంటు కొలిచే అమ్మీటరు. 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. ఇప్పుడు ఇంకో 10 ఓమ్‌లు శ్రేణిలో కలిపితే ఎంత, సమాంతరంగా కలిపితే బ్యాటరీ నుంచి మొత్తం ఎంత? ముందు నోటుబుక్కులో లెక్క వేయించండి, ఆ తర్వాతే తీగ కలపనివ్వండి. 0.45, 1.80 రావాలి. లెక్క వేయకుండా మీటరు చూస్తే అది ఆటే అవుతుంది.

పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు: అమ్మీటరును ఓల్టుమీటరులా బ్యాటరీ రెండు కొసలకీ తగిలించడం. తెరమీద మంటలు వస్తాయి. అమ్మీటరు నిరోధం దాదాపు సున్నా కాబట్టి అది షార్ట్ సర్క్యూట్. ఆ మంట ఒక్కసారి చూస్తే పరీక్షలో ఆ బొమ్మ తప్పు గీయరు.

గుణింతం:
అబ్బాయికి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటు. బొమ్మల కథలు, తెలుగులో చాలానే ఉన్నాయి, పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. నాలుగు స్థాయిలు: మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు, ఆపైవి నాలుగు.

మెలిక ఎక్కడంటే, ఈ కొలతలు మాటల సంఖ్యను చూస్తాయి, మన ఒత్తులను కాదు. మొదటి స్థాయి అనువాదంలోనూ ‘ఆశ్చర్యం’ లాంటిది తగిలి పిల్లవాడు ఆగిపోతాడు. మీరు ముందు రెండు పేజీలు తిరగేయండి. అమ్మ, కర్ర లాంటి ద్విత్వాలే ఉంటే వాడికే ఇవ్వండి. సంయుక్తాక్షరాలు గుంపుగా ఉంటే మీరు చదివి వినిపించేవాటిలో వేయండి. అనువాదాలు చాలామంది చేస్తారు, అందుకని కొన్ని గట్టి ఇడ్లీల్లా ఉంటాయి. మొహమాటపడకుండా వదిలేయండి.

పల్నాటి_నాన్న:
చాలా ఉపయోగం, ధన్యవాదాలు. కథ తెరిచి చేతికిస్తే రెండు నిమిషాల్లో వీడియోల్లోకి జారుకుంటాడు. దానికేమైనా ఉందా?

సుద్దముక్క:
సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ‘యాప్ పిన్నింగ్’ ఉంటుంది, తెరిచిన ఒక్క ఆప్‌లోంచి బయటికి పోనివ్వదు. కొన్ని ఫోన్లలో పేరూ చోటూ మారతాయి; సెట్టింగ్స్‌లో ‘పిన్’ అని వెతకండి. ఆన్ చేశాక ‘తీసేముందు పిన్ (ఫోను లాక్ నంబరు) అడుగు’ అన్నది కూడా తప్పక పెట్టండి, లేకపోతే రెండు బటన్లు కలిపి నొక్కి బయటికొచ్చేస్తారు. తర్వాత కథ తెరిచి, ఇటీవలి ఆప్‌ల తెరలో దాని గుర్తు నొక్కి పిన్ చేయండి. కథను క్రోమ్‌లో కాకుండా పీడీఎఫ్ ఆప్‌లో తెరిచి పిన్ చేయాలి. క్రోమ్‌ను పిన్ చేస్తే లోపల ఇంకో ట్యాబు తెరుచుకోవచ్చు, మూడో తరగతి వాళ్లకు ఆ సంగతి మనకన్నా ముందే తెలుసు.